ఏడో గొలుసు

“గొలుసు కొస పట్టుకొని నిలబడేదానికి రోజుకు రూపాయిన్నరా? ఆయప్ప పట్టుకొనేది ఇనుప గొలుసా, బంగారు గొలుసా?”

నంద్యాలలో తొలి బస్సెక్కి, కొలత గొలుసును గోనెసంచిలో మూటగట్టుకొని ఆళ్ళగడ్డలో దిగి, ఇంకా చెప్పులైనా విడవని మద్దిలేటికి దక్కిన స్వాగతం ఇది. అన్నది పుల్లయ్య కూతురు ఉమామహేశ్వరమ్మ. ఎనిమిదో తరగతి దాకా చదివి, ఆ చదువంతా నాయన ఖర్చులు తగ్గించడానికే ధారపోసిన పిల్ల.

పుల్లయ్య కొత్తగా కొన్న స్థలంలో ఇల్లు కట్టబోతున్నాడు. ఊరిచివర హద్దుల్లేని బయలు అది. దస్తావేజులో మాత్రం, రోడ్డు పక్కన సర్వే రాయి నుంచి సరిగ్గా ఏడు గొలుసుల దూరంలో స్థలం మొదలవుతుందని రాసి ఉంది. ఆ మొదలెక్కడో తేల్చి నాలుగు మూలలా రాళ్ళు పాతించడం మద్దిలేటి పని. రిటైరైన సర్వేయరు జ్ఞానప్రకాశం దగ్గర రెండేళ్ళు పని నేర్చుకున్నాక, ఒంటరిగా కొలతకు రావడం ఇదే మొదటిసారి. అందుకే మీసం కూడా దిద్దుకొని వచ్చాడు పాపం.

ఉమ అంతదాకా తొంగిచూస్తున్న ఖర్చుల చీటీని అతని చేతిలోంచి లాక్కుంది.

“కొలత ఫీజు పన్నెండు రూపాయలు. సరే, చదువుకున్నోనివి. బస్సు చార్జీ, పోనీ. రాళ్ళు నాలుగు, మూడు రూపాయలా? మా దొడ్లో బండలు పడుండాయి, కొట్టెయ్. భోజనం అర్ధరూపాయా? మా ఇంట్లో తిను, కొట్టెయ్. గొలుసు మనిషి...”

“గొలుసుకు రెండు కొసలుంటాయండీ! రెండోది ఎవరు పట్టుకుంటారు?”

“నేను పట్టుకుంటా. కొట్టెయ్.”

కూతురు దుడ్లు మిగిలిస్తుంటే అడ్డం పడే మనిషి కాదు పుల్లయ్య. “పట్టుకోనీలేప్పా. కపిల తోలి బాయి నీళ్ళు తోడిన పిల్ల, గొలుసొక లెక్కా?” అన్నాడు అరుగు మీది నుంచి.

“ఇంకో మాట. కొలత తప్పుపోతే?” అంది ఉమ.

మద్దిలేటికి రోషం పొడుచుకొచ్చింది. “నా కొలత తప్పుపోదు. పోయిందంటే మళ్ళీ వచ్చి ఉత్తగా కొలిచి పోతా. అణా కూడా తీసుకోను.”

“ఉత్తగానా?” అని ఉమ అతన్ని మొదటిసారి తేరిపార చూసింది. ఆ చూపుకు మద్దిలేటి తడబడి, అప్పుడే విడిచిన చెప్పుల్లో కుడిది ఎడమకాలికి తొడుక్కున్నాడు.

పని సులువైందే. మద్దిలేటి గొలుసు పట్టుకొని ముందు నడుస్తాడు. గొలుసు బిగిసిన చోట ఒక ఇనుప చీల గుచ్చుతాడు. వెనక కొస పట్టుకొని వస్తున్న ఉమ ఆ చీలను పీకి చేతిలో పెట్టుకుంటుంది. ఆమె చేతిలో ఎన్ని చీలలుంటే అన్ని గొలుసులు నడిచినట్టు. చీలలను సర్వేయరు తన చేత్తో ఎంచుకోవాలని జ్ఞానప్రకాశం రోజుకు ముమ్మారు చెప్పేవాడు.

రెండో గొలుసు దగ్గర ఉమ ఒక్క గుంజు గుంజింది. మద్దిలేటి రేగడి మట్టిలో చతికిలబడ్డాడు.

“గొలుసు బిగించమన్నాగానీ నన్ను లాగమన్నానా?”

“లాగితే వచ్చే మనిషివైతే నేనేం జేసేది?”

అంతలో సన్నగా తుంపర మొదలైంది. చినుకులు ఆమె ముంగురుల మీద నిలిచి మెరిశాయి. సర్వేయరుగారు వాటిని ఎంచారు గానీ చీలలను ఎంచలేదు.

“ఎన్నయినాయి?” అని అడిగాడు.

“ఆరు,” అంది ఉమ, తలెత్తకుండా.

ఇంకొక్క గొలుసు నడిచి, అక్కడ రాయి పాతబోయి చూస్తే ఎదురుగా పక్కస్థలం రంగయ్య గడ్డివామి ఉంది. లెక్క ప్రకారం పుల్లయ్య వంటిల్లు సరిగ్గా ఆ వామి నడుమ రావాలి.

“నా వామిలో నీ పొయ్యేందప్పా!” అని రంగయ్య ఊరంతా వినబడేటట్టు అరిచాడు.

“గొలుసు చెప్తాంది. నేనేం జేసేది?” అన్నాడు పుల్లయ్య, లోపల్లోపల సంబరపడుతూ.

రంగయ్య నంద్యాలకు పోయి జ్ఞానప్రకాశానికి ఫిర్యాదు చేశాడు. మద్దిలేటి ఇచ్చిన మాట ప్రకారం సొంత చార్జీలు పెట్టుకొని మళ్ళీ వచ్చాడు. వచ్చేటప్పుడు అతని మొహంలో బాధ వెతికినా దొరకదు. ఆ పూట జొన్నరొట్టె, వంకాయ కూర. ఆకు ముందు విసనకర్రతో ఉమ. కొలత ఏమైందంటారా? ఇతను మళ్ళీ చీలలు ఎంచలేదు, ఆమె మళ్ళీ ఆరన్నది, మళ్ళీ వామిలోనే పడింది.

ఈసారి రంగయ్య కట్టె పట్టుకొని వచ్చాడు. పుల్లయ్య కూడా కట్టె వెతుక్కున్నాడు.

సంగతి విన్న జ్ఞానప్రకాశం కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. “మూడోసారి నేనే వస్తా. తప్పు నీదని తేలితే ఆ గొలుసు నాకిచ్చేసి, రైసుమిల్లులో మూటలు తూచుకుంటూ బతుకు.”

ఆ రాత్రి మద్దిలేటికి నిద్ర పట్టలేదు. గొలుసు పోతే ఆళ్ళగడ్డకు పోయే దారే లేదు. ఉమను చూడకుండా బతకడం తనవల్ల కాదని అప్పుడు తెలిసింది అతనికి.

మూడో కొలతకు ఊరు సగం వచ్చింది. జ్ఞానప్రకాశం తన మనిషి యోబుకు రెండో కొస ఇచ్చి, ప్రతి చీలనూ తానే ఎంచుకున్నాడు. ఏడో చీల ఉత్త బయలులో దిగింది. వామి ఇంకా ఒక గొలుసు అవతల ఉంది.

“రెండుసార్లూ ఒక గొలుసు ఎక్కువ నడిచినావ్. చీలలు ఎవరు ఎంచినారు?”

మద్దిలేటి ఉమ వైపు చూశాడు. ఎప్పుడూ నోరు మూయని పిల్ల పెదవి కొరుక్కుంటోంది. సంగతంతా అప్పుడు అర్థమైంది. కోపం రావాలి నిజానికి. రాలేదు.

“నేనే సార్. రెండుసార్లూ.”

“గొలుసిట్లియ్యి.”

మద్దిలేటి గొలుసు అందించబోయాడు. ఉమ జనాన్ని తోసుకొని వచ్చి అడ్డం నిలబడింది.

“ఆయప్ప ఎంచలేదు. ఏడు చేతిలో పెట్టుకొని ఆరని చెప్పింది నేను.”

“ఎందుకు మే?” పుల్లయ్య నోరు తెరిచాడు.

“తప్పుపోతే ఉత్తగా మళ్ళీ వస్తానన్న్యాడు గదా, నాయనా.”

“వస్తే?”

“వస్తే చూసుకుందామని! ఒకసారి కొలిచి పోతే మళ్ళీ నేను యాడ జూసేది ఈయప్పను?” అంటూనే జ్ఞానప్రకాశం వైపు తిరిగింది. “ఆయప్ప నోటికాడి కూడు పోతాదని నాకు తెలీదు సార్. గొలుసు తీసుకోవద్దు.”

ముందుగా నవ్వింది రంగయ్యే. “నా వామి బతికింది. ఇంక మీరేమన్నా జేసుకోండి,” అని కట్టె చంకలో పెట్టుకున్నాడు.

జ్ఞానప్రకాశం గొలుసును శిష్యుడి వైపే నెట్టాడు. “ఎంచనిది నీ తప్పే. ఇంకోసారి జరిగితే ఊరుకోను.” తర్వాత పుల్లయ్య వైపు తిరిగాడు. “లెక్క తప్పు చెప్పింది మీ పిల్ల. కాబట్టి మూడు కొలతల ఫీజూ మీదే. ముప్పై ఆరు రూపాయలు.”

పుల్లయ్య గుండె పట్టుకున్నాడు. “ఇంట్లోవాళ్ళ దగ్గర గూడా ఫీజు తీసుకుంటారా సార్?”

“ఇంట్లోవాళ్ళెవరు?”

పుల్లయ్య మద్దిలేటిని, సంతలో కోడెను చూసినట్టు, కింద నుంచి మీదికి చూశాడు. “మీ నాయన పేరేందప్పా?”

“ఆదినారాయణ. మాది కోయిలకుంట్ల.”

“శనగలు పండించే ఆదినారాయణా? మనోళ్ళే గదా! ఆ మాట ముందే చెప్పద్దా? ఆదివారం మీవాళ్ళను పిలుచుకొని రా. బస్సు చార్జీలు మాత్రం నేనియ్యను.”

“నేనిస్తా నాయనా,” అంది ఉమ.

కొంగు ముడి విప్పింది. నెయ్యి అమ్మి కూడబెట్టుకున్న రూపాయలవి. ఎవరికీ ఒక్కటి ఇచ్చి ఎరగదు. వాటన్నిటినీ మద్దిలేటి దోసిట్లో పోసింది.

“నలుగురికి సరిపోతాయి. ఐదో మనిషి ఉంటే నడిచి రావల్సిందే.”

“వాళ్ళు బస్సులో వస్తారు,” అన్నాడు మద్దిలేటి. “నేను నడిచైనా వస్తా.”

“నడిచేటట్టయితే ఆదివారం దాకా ఎందుకు?” అంది ఉమ. “రేపే బయలుదేరు.”