ఏం లేదండీ

జిమ్ సెల్లార్‌లో ఉంది. పైన మెట్లు మొదలయ్యే చోట గోడకి వేలిముద్ర మిషన్ ఒకటి బిగించారు. వచ్చేటప్పుడూ వెళ్ళేటప్పుడూ వేలు పెట్టాలి. ముద్ర సరిగ్గా పడితే లోపల్నుంచి ఒక ఆడగొంతు "థాంక్యూ" అంటుంది, పడకపోతే "ప్లీజ్ ట్రై ఎగైన్" అంటుంది. రెండు నెలలుగా ఉదయలక్ష్మికి ఆ మిషన్ మొదటిసారికే థాంక్యూ చెప్పిన పాపాన పోలేదు. మూడుసార్లు, నాలుగుసార్లు ఆ ట్రై ఎగైన్ అందరికీ వినపడేది. వెనక నిలబడ్డవాళ్ళు, ఈవిడ లావుకి మిషన్ కూడా గుర్తుపట్టట్లేదని నవ్వుకుంటున్నారేమో అని ఆవిడ అనుమానం. చెమట వేళ్ళకి లావుకి సంబంధం ఏంటని అడిగితే ఆవిడ దగ్గర జవాబు లేదు. సిగ్గు ఎప్పుడు జవాబులు చెప్పింది గనక?

ఆవిడకి నలభై మూడేళ్ళు. భీమవరం నుంచి పెళ్ళై వచ్చి ఎర్రమంజిల్‌లో కాపురం. అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ కోర్సులు నేర్పే ఒక ఇన్‌స్టిట్యూట్‌లో సర్టిఫికెట్ల సెక్షన్ చూస్తుంది. ఆరేళ్ళ కిందట అక్క కూతురి పెళ్ళిలో ఫోటోగ్రాఫర్ కుర్రాడు, "ఆంటీ, మీరు కొంచెం వెనక్కి జరగండి, పక్కవాళ్ళు పడట్లేదు" అన్నాడు. మండపంలో అందరూ నవ్వారు. ఆవిడా నవ్వింది. అంతే, ఆ రోజు వెనక్కి జరిగిన మనిషి మళ్ళీ ముందుకి రాలేదు. ఆరేళ్ళలో ఆవిడ ఫోటో ఒక్కటంటే ఒక్కటి ఎవరి ఫోన్‌లోనూ లేదు.

కూతురు సంహిత ఈసారి ఊరుకోలేదు. "నా ఇరవై ఒకటో పుట్టినరోజుకి చీరలు, నగలు ఏం వద్దు. పంజాగుట్టలో స్టూడియోకి వెళ్దాం. నువ్వూ నేనూ ఒక ఫోటో. నువ్వు ముందు నిలబడాలి" అంది. ఆ పుట్టినరోజు రేపు, ఆదివారం. ఆ ఫోటో కోసమే ఈ జిమ్ తిప్పలు. రెండు నెలల్లో సన్నబడిపోతానన్న భ్రమ ఆవిడకి లేదు. కెమెరా ముందు తల దించుకోకుండా ఒక్క నిమిషం నిలబడగలిగితే చాలు.

మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండు దాకా లేడీస్ టైమ్. ఒంటిగంటకి లంచ్ వదలగానే వచ్చేది. వదులు కుర్తీ, దాని మీద చున్నీ, చున్నీ మీద టవల్. ట్రెడ్‌మిల్ మీద ఆవిడ నడుస్తుంటే దండెం మీద బట్టలు నడుస్తున్నట్టు ఉండేది. ట్రైనర్ శ్రీలేఖ కృష్ణానగర్ అమ్మాయి, సినిమాల్లో గుంపులో నిలబడే వేషాలు వేస్తుంది. "గా చున్నీ తియ్యండి మేడమ్, బెల్ట్‌ల ఇరుక్కుంటది. ఇక్కడ ఎవ్వరూ మిమ్మల్ని చూస్తలేరు, ఎవరి ఫికర్ వాళ్ళది" అని రోజూ చెప్పేది. ఉదయలక్ష్మి తలూపి చున్నీకి ఇంకో పిన్ను పెట్టుకునేది.

హాలు వెనకాల బట్టలు మార్చుకునే గదులు మూడున్నాయి. చిన్నవి, కిటికీలు లేవు. ఫినాయిల్ వాసన, తడి రబ్బరు వాసన. మొదటి వారంలోనే ఒకరోజు రెండు గదుల్లో మనుషులుంటే చివరి గది తలుపు తట్టింది.

"ఏం లేదండీ... ఐదు నిమిషాలు" అంది లోపల్నుంచి ఒక మెత్తని గొంతు.

తలుపు తడితే ఏం లేదనడం ఏంటా అని ఉదయలక్ష్మికి నవ్వొచ్చింది. ఐదు కాదు, పదిహేను నిమిషాలైనా తలుపు తెరుచుకోలేదు. అప్పుడు అర్థమైంది. బయట అడుగుల చప్పుడు ఆగేదాకా గదిలోంచి రాకపోవడం తనకీ అలవాటే. తలుపు దగ్గరికి జరిగి, "మీరు నిదానంగా రండి. నేను అటు తిరిగి ఉంటాను" అంది.

"మీరూ అంతేనా అండీ?" అంది ఆ గొంతు.

అలా కుదిరింది స్నేహం. ఉదయలక్ష్మి వచ్చేసరికే ఆవిడ లోపల ఉండేది, వెళ్ళేటప్పటికీ లోపలే ఉండేది. అందరూ పోయాక వస్తుంది కాబోలు అనుకుంది. మనిషిని చూపించమని ఎప్పుడూ అడగలేదు. కనపడకుండా ఉండాలని ఎంత కోరుకుంటారో తనకి తెలీనిదా? వెళ్ళే ముందు తలుపుకి ఆనుకుని పది నిమిషాలు మాట్లాడేది. ఫోటోగ్రాఫర్ మాట చెప్పింది. సంహిత సంగతి చెప్పింది. భర్తకి కూడా చెప్పని విషయాలు, స్నానాల గదిలో అద్దం మీద తువ్వాలు కప్పుతానన్న సంగతి కూడా చెప్పింది. అవతల గొంతు అన్నీ వినేది. అప్పుడప్పుడు మాత్రం, "ఇంకా చెప్పండి" అనేది. పేరడిగితే, "తర్వాత చెప్తాలెండి" అనేది.

ఒకరోజు అలా మాట్లాడుతుంటే బకెట్‌తో సీతాబాయి వచ్చింది. బోరబండ నుంచి వచ్చి ఇక్కడ ఊడ్చి తుడిచే మనిషి. "ఫోన్ల మాట్లాడుతున్నవా అమ్మా?" అంది. ఉదయలక్ష్మి సిగ్గుపడి అవునంది.

ఈ సీతాబాయికి ఒక వింత అలవాటుంది. ఏ గదిలో ఎవరు కాస్త ఆలస్యం చేసినా తలుపు కొట్టి, "పేరు జెప్పమ్మా" అంటుంది. "ఇంట్ల పిల్లల పేర్లు జెప్పు. ఇయ్యాల ఏం దిన్నవ్?" అంటుంది. జవాబు వచ్చేదాకా కదలదు. ఇదేం విచారణ అని ఉదయలక్ష్మి శ్రీలేఖని అడిగింది.

"పోయినేడాది ఒకావిడ లోపల్నే పడిపోయింది మేడమ్. సీతాబాయి మూడుసార్లు తలుపు కొట్టిందంట. మూడుసార్లూ 'ఏం లేదండీ' అన్నదంట. ఆఖరికి తలుపు పగలగొట్టిన్రు." శ్రీలేఖ గొంతు తగ్గించింది. "ఆవిడ పోయి గంట దాటిందన్నడు డాక్టర్. సీతాబాయేమో, పది నిమిషాల కింద నాతోని మాట్లాడింది అంటది. అప్పట్నుంచి గిట్ల ప్రశ్నలు అడుగుతది. పాపం, జర దిమాగ్ ఖరాబైంది."

ఆ రోజు తలుపు దగ్గర ఆ సంగతే చెప్పి, "మిమ్మల్ని కూడా అలాగే విసిగిస్తుందా సీతాబాయి?" అని అడిగింది ఉదయలక్ష్మి.

"నన్నెప్పుడూ ఏమీ అడగలేదండీ ఆవిడ" అంది గొంతు.

ఇంకొకరైతే అక్కడే మెట్లెక్కి పారిపోయేవారు. కానీ ఆరేళ్ళకి దొరికిన నేస్తం మీద ఎవరికి మాత్రం అనుమానం వస్తుంది? అదృష్టవంతులు మీరు అని నవ్వేసి వెళ్ళిపోయింది.

ఈ శనివారం ఇన్‌స్టిట్యూట్‌కి ఒంటిపూట. సంచిలో కొత్త టాప్ ఉంది. ముదురు ఎరుపు, ఒంటికి అతుక్కుని ఉండే రకం. వారం కిందట ఆన్‌లైన్‌లో తెప్పించి బీరువాలో దాచింది. ముందుగా చివరి గది దగ్గరికి వెళ్ళి, "ఈరోజు చున్నీ వేసుకోనండీ" అంది. "భయానికి పొద్దున్నుంచి ఏం తినలేదు. ఒక్క అరటిపండు తిన్నానంతే."

"ఇంకా చెప్పండి" అంది గొంతు.

"చెప్పడానికేం లేదు. చేసి వస్తాను."

మధ్య గదిలో బట్టలు మార్చుకుని హాల్లోకి వచ్చింది. మొదటి ఐదు నిమిషాలు ప్రాణం చచ్చిపోయింది. అద్దంలో పొట్ట, చేతులు, వీపు మీద మడతలు, అన్నీ ఉన్నచోటే ఉన్నాయి. రెండయింది. లేడీస్ టైమ్ అయిపోయింది, మగపిల్లలు దిగుతున్నారు. వాళ్ళలో ఇద్దరు ఇన్‌స్టిట్యూట్ కుర్రాళ్ళు, సర్టిఫికెట్ల కోసం తన టేబుల్ ముందు నిలబడేవాళ్ళు. "గుడాఫ్టర్నూన్ మేడమ్" అని డంబెల్స్ దగ్గరికి వెళ్ళిపోయారు. మళ్ళీ తిరిగి కూడా చూడలేదు. ఉదయలక్ష్మి కాళ్ళు ఆగలేదు. నలభై నిమిషాలు నడిచింది. తల ఎత్తుకుని నడిచింది. ఏడుపొచ్చేంత సంతోషమేసింది. "మస్తు చేసిన్రు మేడమ్. రేపు ఫోటో అదిరిపోవాలె" అని శ్రీలేఖ భుజం తట్టి, షూటింగ్ ఉందని వెళ్ళిపోయింది.

ముందు నేస్తానికి చెప్పాలి. గబగబా వెనక్కి వచ్చింది.

చివరి గది తలుపు తెరిచి ఉంది.

రెండు నెలల్లో మొదటిసారి. లోపల ఎవరూ లేరు. ఒక బల్బు, ఒక కొక్కెం, తడిసిన నేల. అయ్యో, చెప్పకుండానే వెళ్ళిపోయిందే అని ఉసూరుమంది. మిగతా రెండు గదులూ మూసి ఉన్నాయి. సరేలే అని సంచి తెచ్చుకుని లోపలికెళ్ళి గడియ పెట్టుకుంది.

టాప్ అంచు పట్టుకుని పైకి లాగింది. చెమటకి గుడ్డ బంకలా అంటుకుంది. పొట్ట దాటింది. రొమ్ము దాటింది. భుజాల దగ్గర ఆగిపోయింది. రెండు చేతులూ తలకి పైన, ముఖం గుడ్డ లోపల. ఇలా ఇరుక్కోవడం ఆవిడకి కొత్త కాదు. ఇంట్లో అయితే సంహిత వచ్చి, నవ్వుతూ ఒక్క లాగు లాగేసేది. కిందకి దించుదామని చూసింది. రాలేదు. పైకి లాగింది. ఇంకా బిగిసింది. పీల్చినప్పుడల్లా తడి గుడ్డ నోటికి, ముక్కుకి అతుక్కుంటోంది. ఉప్పు రుచి... రబ్బరు వాసన...

పిలవాలి. సీతాబాయి బయటే ఉంటుంది. కానీ నడుము నుంచి పైదాకా ఇలా... మగపిల్లలు కూడా పరిగెత్తుకొస్తే? ఆగుదాం. ఇంకొక్కసారి చూద్దాం.

గుడ్డలోంచి కనపడుతున్న బల్బు వెలుతురు ఆరిపోయింది.

వెనక ఎవరో ఊపిరి తీశారు.

"అరవకండి" అంది మెత్తని గొంతు, చెవి పక్కనే. "అరిస్తే అందరూ వస్తారు. చూస్తారు."

గంట కిందటి ఉదయలక్ష్మి అయితే నోరు మూసుకునేదే. కానీ ఇప్పుడే కదా అందరి ముందూ తల ఎత్తుకుని నడిచొచ్చింది... రానీ. చూడనీ. ఉన్న ఊపిరంతా కూడదీసుకుని అరిచింది. "సీతాబాయ్..! తలుపు పగలగొట్టు..!"

పుట్టి బుద్ధెరిగాక అంత గట్టిగా ఎప్పుడూ అరవలేదు. బయట బకెట్ దబ్బున కింద పెట్టిన చప్పుడు. అడుగులు. తలుపు మీద దెబ్బలు.

"ఎవరమ్మా? ఏమైంది?"

జవాబు చెప్పబోయింది. గుడ్డ నోట్లోకి దూరింది. ఊపిరి అందలేదు.

"ఏం లేదు సీతాబాయ్" అంది ఉదయలక్ష్మి గొంతు.

ఆవిడ నోరు కదల్లేదు. గొంతు మాత్రం ఆవిడదే. అదే యాస, అదే మొహమాటం.

"గీ రూముల ఎందుకు పోయినవమ్మా? పేరు జెప్పు."

"ఉదయలక్ష్మిని."

"బిడ్డ పేరు?"

"సంహిత. రేపు పుట్టినరోజు."

సీతాబాయి కదల్లేదు. తలుపుకి అంగుళం అవతల ఆవిడ ఆయాసం వినపడుతోంది. ఉదయలక్ష్మి కాలు విదిల్చి తలుపుని తన్నింది. ధన్ మంది.

"కాలు జారింది, ఏం లేదు" అంది గొంతు నవ్వుతూ. "బొద్దింక కనపడితే అరిచాను."

"ఇయ్యాల ఏం దిన్నవ్?"

ఒక్క క్షణం...

"అరటిపండు. ఒక్కటే."

"గట్లెట్ల అమ్మా, గందుకే గొంతు గట్లున్నది. జల్ది బయటికి రా" అంది సీతాబాయి, మనసు కుదుటపడి. బకెట్ ఎత్తుకుంది. చెప్పులు ఈడ్చుకుంటూ వెళ్ళిపోయింది. ఉదయలక్ష్మి మళ్ళీ అరిచింది. ఆ అరుపు ఆవిడ చెవులకే సరిగా వినపడలేదు.

మోకాళ్ళ మీద కూలబడింది. సంచిలో ఫోన్ మోగింది. కూతురికి పెట్టుకున్న రింగ్. రెండుసార్లు మోగి ఆగింది. ఎవరో ఎత్తారు.

"అమ్మా, అయిందా? రేపు ఫోటోకి మళ్ళీ నా వెనకాల దాక్కోవు కదా?" సన్నగా సంహిత.

"లేదమ్మా. రేపు ముందు నేనే నిలబడతాను."

"అబ్బ... ఈరోజు నీ గొంతు ఎంత హుషారుగా ఉందో. త్వరగా వచ్చెయ్."

"బయల్దేరుతున్నా."

సంచి జిప్ వేసిన చప్పుడు. తన చెప్పుల్లోకి కాళ్ళు దూర్చిన చప్పుడు. ఒక చల్లని చెయ్యి తల మీద పడి, ఓదార్పుగా ఒకసారి నిమిరింది.

"భయపడకండి. ఇక్కడ మిమ్మల్ని ఎవరూ చూడరు."

గడియ తీశారు. హాల్లోంచి కాస్త గాలి వచ్చింది. తలుపు మూసుకుంది. ఆ తర్వాత గడియ మళ్ళీ పడింది... లోపలి గడియ.

చెప్పుల చప్పుడు హాలు దాటింది. "బై మేడమ్" అన్నాడు ఎవరో కుర్రాడు. చెప్పులు ఒక్కొక్క మెట్టే ఎక్కాయి. తొందర లేదు. పైన ఆగాయి.

మిషన్ మొదటిసారికే, "థాంక్యూ" అంది.