పళ్లెం తిరిగిన మధ్యాహ్నం

ఎదురింటి పిన్నిగారు కింద వాటా కోడలితో అన్నదట, పై వాటాలో ఉండే ఫ్రిజ్ మెకానిక్ చేతులకి ఒక్కనాడైనా గ్రీజు మరక చూడలేదని. ఊరందరి ఫ్రిజ్‌లూ బాగుచేసేవాడి ఇంట్లో చల్లటి నీళ్లకి కుండే దిక్కట. అది పోనీ, పొద్దున్నే గడ్డం గీసుకుంటూ అద్దంతో మాట్లాడతాడట. "అలాగే మావయ్యా, అర్థమైంది మావయ్యా" అంటాడట. మేనమామలు లేరని తనే చెప్పాడు, పెళ్లా చేసుకోలేదు, మరి ఈ మావయ్య ఏ చూరులోంచి ఊడిపడ్డాడని ఆవిడ అనుమానం.

పిన్నిగారిని గూఢచారి శాఖలో వేసుకోవలసింది. ఆవిడ చెప్పినదాంట్లో పొల్లు లేదు. అద్దం తిరిగి ఏమందో ఒక్కటే ఆవిడకి వినపడలేదు.

అద్దం వెనక ట్రాన్స్‌మిటర్ ఉంది. అవతలి గొంతు శాఖ చీఫ్‌ది. రేడియోలో ఆయన పేరు మావయ్య, మెకానిక్ పేరు అల్లుడు. చుట్టరికాలు కలిపి మాట్లాడుకుంటే, పొరపాటున ఎవడి చెవిన పడ్డా ఇంటి గొడవలే అని వదిలేస్తాడని చీఫ్ సిద్ధాంతం.

ఆ ఆదివారం పొద్దున మావయ్య పలకరింపులేవీ లేకుండా విషయంలోకి వచ్చాడు.

"ఇవాళ నీ స్నేహితులతో భోజనం కదా."

"అవును మావయ్యా. మూణ్నెల్లకోసారి కలుస్తాం."

"అక్కడే మీ పుల్లని లేపేస్తారు. విషం."

సబ్బు నురగ సగం గడ్డం మీద అలాగే ఆగిపోయింది.

పుల్ల అంటే కాలేజీ హాస్టల్లో మెకానిక్ గదిలో ఉన్నవాడు. గాలొస్తే పడిపోయేంత బక్కవాడు కనక ఆ పేరు. ఇప్పుడు ప్రభుత్వానికి కోడ్ యంత్రం తయారుచేస్తున్నాడు. అది చేతికొస్తే సైన్యం పంపే కబురు శత్రువు చెవిన పడ్డా అర్థం కాదు. యంత్రం పూర్తయింది, దాని తాళం మాత్రం ఇంకా వాడి బుర్రలోనే ఉంది. రేపు అప్పగించాలి. ఈలోగా ఆ బుర్ర ఆగిపోవాలని పొరుగుదేశపు ముఠా పథకం.

భోజనం మానిపించేస్తానని మెకానిక్ అన్నాడు. వీల్లేదన్నాడు మావయ్య. విషం పెట్టే చెయ్యి ఒకటి, పెట్టించే చెయ్యి ఇంకొకటి. పెట్టే చెయ్యి సంతలో ఎక్కడైనా దొరుకుతుంది, తనకి పెట్టించే చెయ్యి కావాలి.

"వెళ్లు. తిను. చూడు. నేను చెప్పేదాకా కదలకు."

"వాడు చచ్చిపోతేనో?"

"కదలకు అన్నాను, చావనీ అనలేదుగా."

ఆ రెంటికీ మధ్య ఎంత చోటుందో మావయ్య చెప్పలేదు. ఒక కళ్లజోడూ, ఒక పంటిపుల్లా మాత్రం పంపించాడు. కళ్లజోడు కాడల్లో రేడియో ఉంది. పంటిపుల్ల విషం తగిలితే నీలంగా మారుతుంది. ఒక్కటే పుల్ల. రెండోది అడిగితే బడ్జెట్ లేదన్నారు.

*

నగరం నడిబొడ్డున, పెద్ద షాపుల వీధిలో, పేవ్‌మెంట్ మీద గొడుగులు పాతి బల్లలు వేసిన హోటలది. ఎండ గొడుగు అంచు దాటి బల్ల మీదికి జారుతోంది. వీధికి అవతల ఐసు సరఫరా వ్యాను ఆగి ఉంది. అందులో ఐసు లేదు, మావయ్య ఉన్నాడు. బల్లల మధ్య తిరుగుతున్న వెయిటర్ కూడా శాఖ మనిషే. అతికించిన మీసం చెమటకి ఒక పక్క ఊడి వస్తుంటే, ఆర్డరు రాసుకునే నెపంతో దాన్ని అదుముకుంటున్నాడు.

"నిమ్మకాయ కావాలా సార్?" అనడిగాడు. అది కోడ్.

"రెండు చెక్కలు," అన్నాడు మెకానిక్. అది జవాబు. లాయరు మధ్యలో దూరి తనకి నాలుగు కావాలన్నాడు. వెయిటర్ కాసేపు తికమకపడి, ఏది కోడో తెలియక, వెళ్లిపోయాడు.

లాయరు మూడో స్నేహితుడు. కోర్టులో వాదనకంటే క్యాంటీన్‌లో హాజరే ఎక్కువ. పొట్ట బల్లకి ఆనించి కూర్చున్నాడు. అతనికి ఎడమ పక్కన పుల్ల పెళ్లాం. పెళ్లయి ఆర్నెల్లే. ఆవిడొస్తుంటే మూడు బల్లల అవతల వాళ్లు కూడా చెంచాలు దింపారు. ఎర్రచీర, మొహంలో సగాన్ని మింగేసే నల్లకళ్లద్దాలు, చేతికి పెద్ద రాయి ఉంగరం. ఇలాంటి పిల్ల ఈ పుల్లని ఏం చూసి చేసుకుందో అని లాయరు పెళ్లినాడే బాధపడ్డాడు. ఆవిడకి ఎడమ పక్కన పుల్ల, పుల్లకి ఎడమ పక్కన మెకానిక్. మెకానిక్కూ లాయరూ పక్కపక్కన, దాంతో గుండ్రబల్ల నిండింది.

స్టీలు పళ్లేలు వచ్చాయి. పుల్ల ముందు వేయించిన చేప. లాయరుకి కోడి, పుల్ల పెళ్లానికి కూరగాయలు, మెకానిక్‌కి గుడ్డు. పుల్ల చెంచా పట్టుకోకుండా కబుర్లలో పడ్డాడు. మెకానిక్ చూపు వెయిటర్ మీదుంది, వంటింటి తలుపు మీదుంది, ఎదురు షాపు ముందు నిచ్చెనెక్కి అద్దాలు తుడుస్తున్నవాడి మీదుంది. బల్ల మీద మాత్రం లేదు. ఇంట్లోవాళ్లని ఎవరు కాపలా కాస్తారు?

అప్పుడు లాయరు చెంచాతో గ్లాసు మోగించాడు.

ఇది హాస్టల్ ఆచారం. అప్పట్లో తలా ఒక రకం తెచ్చుకుని పళ్లేలు తిప్పుకునేవాళ్లు. ఎవరు గ్లాసు మోగించినా ప్రతి పళ్లెమూ కుడిచేతి పక్కకి ఒక స్థానం జరగాలి. నోట్లోది నీది, పళ్లెంలోది నీది కాదు. భోజనం మొత్తానికి మనిషికి ఒక్కసారే మోగించే హక్కు. ఇరవయ్యేళ్లుగా ఎవడూ తప్పలేదు. కొత్త పెళ్లానికి చెప్పడానికి సిగ్గుపడి పుల్ల ఈ సంగతి దాచాడు.

చేప పళ్లెం ఆవిడ ముందుకి వచ్చింది.

ఆవిడ దాన్ని రెండు వేళ్లతో ఇంకా అవతలికి, లాయరు ముందుకి నెట్టేసి నవ్వింది. "క్షమించండి. నాకు ఎంగిలి అలవాటు లేదు."

"మొగుడి ఎంగిలి కూడానా చెల్లెమ్మా?" అన్నాడు లాయరు. అడిగాడే గాని అతని చూపంతా చేప మీదే.

మెకానిక్ చూపు పుల్ల చెంచా మీదికి మళ్లింది. పుల్ల ఇంకా చెంచా ముట్టనేలేదు. ఆ పళ్లెం ఎంగిలే కాదు.

జేబురుమాలు నోటికి అడ్డం పెట్టుకుని, "మావయ్యా, ఆ అమ్మాయే," అన్నాడు.

కళ్లజోడులో మావయ్య గొంతు కొంచెం ఇబ్బందిగా పలికింది: "ఆ అమ్మాయి మన కోడలేరా. వాణ్ని కాపాడమని ఆర్నెల్ల కిందట మనమే ఆ ఇంట్లో పెట్టాం. కంగారు పడకు."

అంటే పెళ్లిచూపులు, పెళ్లి, పుల్ల కొత్తచొక్కాలు కుట్టించుకోవడం, అంతా శాఖ ఖర్చే. పంటిపుల్లకి బడ్జెట్ లేకపోవడంలో ఆశ్చర్యం లేదు.

లాయరు ముల్లు తీస్తున్నాడు. "లాయరు తినబోతున్నాడు మావయ్యా."

"లాయరు మన లిస్టులో లేడు."

మెకానిక్ గ్లాసు మోగించాడు. అతనికున్న ఒక్క హక్కూ అయిపోయింది. లాయరు తిట్టుకుంటూ పళ్లెం జరిపాడు. చేప ఇప్పుడు మెకానిక్ ముందుంది. పంటిపుల్ల గుచ్చి బల్ల కింద పట్టుకుని చూశాడు. తెలుపు. తెలుపు. తర్వాత సిరా బుడ్డిలో ముంచినట్టు నీలం.

"నీలం," అన్నాడు.

ఈసారి మావయ్య గొంతులో చుట్టరికం లేదు. "అయితే రెండు పడవల మీదా కాళ్లు పెట్టిందన్నమాట. బాగుంది. పని అయిందని తనవాళ్లకి సైగ చేస్తుంది, ఆ సైగ అందుకునేవాడు కావాలి. కదలకు."

కదలనక్కర్లేదని మెకానిక్ కూడా అనుకున్నాడు. విషం తన ముందుంది. తను తినడు. సాయంత్రం దాకా దాన్ని ఇలా పెట్టుకుని కూర్చోగలడు. ఆవిడ నల్లద్దాల వెనకనుంచి తననే చూస్తోంది. ఒకరి సంగతి ఒకరికి తెలిసిపోయింది.

టంగుమని మోగింది.

పుల్ల. మొహమంతా నవ్వు. "ఊరంతా తిరిగి నా చేప నా ఇంటికే వచ్చిందిరా," అంటూ పళ్లెం లాక్కున్నాడు.

లాయరు హక్కు అయిపోయింది, మెకానిక్‌ది అయిపోయింది, పుల్లది ఇప్పుడే అయిపోయింది. మోగించగలిగింది ఆవిడొక్కతే. మెకానిక్ ఆవిడ చేతిని చూశాడు. బతిమాలినట్టే చూశాడు. ఆర్నెల్లు ఒకే కప్పు కింద వండి పెట్టిన చెయ్యి కదా, ఎక్కడో ఒక వేలికైనా మనసుండదా అని. ఆవిడ తన చెంచాని నెమ్మదిగా గుడ్డ మీద పెట్టి, నల్లకళ్లద్దాలు తీసి మడిచింది.

ఎదురు షాపు నిచ్చెన మీదున్నవాడు తుడవడం ఆపాడు. ఇందాకటి నుంచీ వాడు తుడుస్తున్నది ఆ ఒక్క అద్దమే.

"నిచ్చెన," అన్నాడు మెకానిక్.

"చూశాను. దిగనీ. పైనుండగా పట్టుకుంటే తనకేం తెలియదంటాడు. కింద ఎవరికి చెప్తాడో చూడాలి. కదలకు."

నిచ్చెన మనిషి ఒక మెట్టు దిగాడు. పుల్ల చేప విరిచాడు. ఇంకో మెట్టు. పుల్ల నిమ్మకాయ పిండాడు, అది చాలక లాయరు చెక్క కూడా పిండాడు. మెకానిక్ చేతులు బల్ల కింద ఒకదాన్నొకటి పట్టుకుని కూర్చున్నాయి. చెయ్యెత్తితే దేశానికి ద్రోహం, ఎత్తకపోతే వీడు. ఇన్నేళ్ల ట్రైనింగు అతని భుజాల మీద కూర్చుని లేవనివ్వడం లేదు. నిచ్చెన మనిషి నేల మీద కాలు పెట్టి, నిచ్చెన పక్కన ఆగి ఉన్న నల్లకారు కిటికీలోకి వంగాడు. పుల్ల చెంచా పెదవి దాకా వచ్చింది.

"ఇప్పుడు," అంది కళ్లజోడు.

బల్ల ఎగిరింది. చెంచా, చేప, గ్లాసులు, గొడుగు అన్నీ కలిసి లాయరు ఒళ్లో పడ్డాయి. వెయిటర్ మీసం అక్కడే వదిలేసి వీధికి అడ్డంగా పరిగెత్తాడు. ఐసు వ్యాను కారుకి అడ్డం తిరిగింది. కారులో ముఠా నాయకుడు, నిచ్చెన కింద అతని బంటు, ఇద్దరూ చిక్కారు. ఎర్రచీర ఆవిడ పారిపోలేదు. చేతులు ముందుకి చాచి, రాయి కింద విషం దాచిన ఉంగరం తీసి, తిరిగొచ్చిన వెయిటర్‌కి ఇచ్చి, తనే వెళ్లి వ్యానెక్కింది. మొగుడి వైపు తిరిగి చూడలేదు.

మెకానిక్ కళ్లజోడు జారి బోర్లాపడిన స్టీలు పళ్లెం మీద పడింది. పళ్లెం డప్పులా పనిచేసింది. మావయ్య గొంతు బల్లబల్లకీ వినపడింది.

"శభాష్ అల్లుడూ. వాడు చెంచా నోటి దాకా తెచ్చినా కదలకుండా కూర్చున్నావు చూడు, ట్రైనింగంటే అదీ. కోడల్ని మనమే అతని ఇంట్లో పెట్టడం మాత్రం పొరపాటే అనుకో."

మెకానిక్ కళ్లజోడు మీద కాలేశాడు. ఆలస్యమైంది.

పుల్ల కిందపడ్డ కుర్చీ లేపి, కూర్చోకుండా దాని వీపు పట్టుకుని నిలబడ్డాడు. లాయరు ఒళ్లోంచి చేపముక్క తీస్తూ, ఇంతకీ ఫ్రిజ్‌లు బాగుచేస్తావా చెయ్యవా అని గొణిగాడు. ఎవరూ పట్టించుకోలేదు.

"ఈ భోజనాలకి నువ్వొచ్చేది డ్యూటీకా?" అనడిగాడు పుల్ల.

"మొదట్లో భోజనానికేరా," అన్నాడు మెకానిక్.

పుల్ల ఐసు వ్యాను వైపు ఒకసారి చూశాడు.

"ఆవిడ కనీసం నా ఎంగిలి ముట్టలేదు. నువ్వు ఇరవయ్యేళ్లు తిన్నావు."