వందో కణం

కొండపల్లి స్టేషన్‌లో ప్యాసింజరు దిగిన మనిషి ప్లాట్‌ఫారం దాటకముందే చచ్చిపోయాడు. గుండెపోటని చూసినవాళ్ళంతా తేల్చేశారు. మెడ వెనక సూది గుచ్చిన మచ్చ ఎవరి కంటా పడలేదు. అతని సంచిలో ల్యాబొరేటరీ సామాన్ల క్యాటలాగు ఒకటి దొరికింది. అందులో ఒక పేజీ మడతపెట్టి ఉంది.

ఇది 1976 మే నెల సంగతి. రెండు రోజుల తర్వాత పటమటలో, ఎరువుల కంపెనీ బోర్డు చాటున నడిచే సీక్రెట్ డిపార్ట్‌మెంట్ ఆఫీసులో చీఫ్ బసవయ్య ఆ పేజీని ఏజెంట్ బాలశౌరి ముందు పెట్టాడు. ఒక్క మేడ ఎక్కినందుకే బాలశౌరికి ఆయాసం ముంచుకొచ్చింది. నలభై ఏళ్ళకే ఇదేమిటని బసవయ్య అడగలేదు. డిపార్ట్‌మెంట్‌లో అలాంటివి అడిగే అలవాటు లేదు.

బ్రీఫింగ్ అయిదు నిమిషాల్లో అయిపోయింది. మైలవరం అవతల ప్రభుత్వం గుట్టుగా నడిపే ఫ్యాక్టరీలో, పనివాళ్ళు తాగే నీళ్ళలో ఒక విదేశీ ముఠా ఏడాదిపాటు విషం కలిపింది. పదకొండుమంది నెత్తురు చెడి పోయారు. ఫిట్టర్ వేషంలో ఎనిమిది నెలలు అక్కడ ఉండి ఆ సంగతి పట్టింది బాలశౌరే. అతను పట్టేసరికి ముఠా జారుకుంది. ఇక మిగిలిన రుజువల్లా డాక్టర్ రామకోటేశ్వరరావు ల్యాబ్‌లో ఉంది. పోయినవాళ్ళ రక్తం స్లయిడ్లు, మైనం దిమ్మల్లో పోతపోసి భద్రపరిచిన కణజాలం ముక్కలు. రేపు సాయంత్రం డాక్టరు వాటితో ఢిల్లీ రైలెక్కుతాడు.

"ఈలోపలే ల్యాబ్‌నీ డాక్టర్నీ కలిపి లేపేస్తారు. ఎలా చేస్తారో కొండపల్లిలో చచ్చిపోయిన మనవాడికి తెలుసు. మనకి తెలీదు," అన్నాడు బసవయ్య.

మడతపెట్టిన పేజీలో డిఫరెన్షియల్ కౌంటర్ బొమ్మ ఉంది. మైక్రోస్కోపులో కనిపించే తెల్లకణాలను రకాలవారీగా లెక్కపెట్టే యంత్రం. ఒక్కో రకానికి ఒక్కో మీట. మొత్తం వంద కాగానే లోపల గంట మోగుతుంది.

అంతోని అనే జ్వరం రోగిగా బాలశౌరి ఆ మధ్యాహ్నమే ల్యాబ్‌కి వెళ్ళాడు. టెక్నీషియన్ అమలమ్మ యాభై దాటిన మనిషి. ఆమె బల్ల కింద మూత బిగించిన డబ్బా ఒకటుంది. అందులో ఏముందని అడిగితే, చర్చికి తీసిపెట్టిన బియ్యమని చెప్పింది. అతని చేతి మీద నల్లటి మచ్చలు చూసి, దెబ్బలు తగిలాయా అని అడిగింది. లేదన్నాడు. ఆమె సూదితో నెత్తురు తీసి, రేపు పొద్దున మొదటి స్లయిడ్ మీదేనని చెప్పింది. రిపేరు పని తెలిసినవాడిలా మాటలు కలిపి బాలశౌరి ఆమె కౌంటర్‌ని తిరగేసి చూశాడు. పాతబడిపోయిన యంత్రం. స్ప్రింగులు తప్ప లోపల ఏమీ లేవు. ఏమీ తేలకుండానే బయటికి వచ్చాడు.

మర్నాడు పదింటికి గాంధీనగరం కాఫీ హోటల్లో అతని బల్ల దగ్గరికి శివపార్వతి వచ్చి కూర్చుంది. నైలాన్ చీర, నల్ల కళ్ళద్దాలు. హోటలంతా ఒక్క నిమిషం ఇడ్లీ మరిచిపోయింది. పైకి ఆమె ల్యాబ్ సామాన్లు అమ్మే సేల్స్ రిప్రజెంటేటివ్. లోపల రెండు వైపులా పనిచేసే డబుల్ ఏజెంట్.

"కాఫీలో డికాషన్ తక్కువైంది," అంది.

"డాక్టరు మానమన్నాడు," అన్నాడు బాలశౌరి. కోడ్ కుదిరింది.

ఆమె గబగబా చెప్పేసింది. కొండపల్లిలో మనిషిని చంపాక తర్వాతి వంతు తనదేనని తెలిసిందట. అందుకే ముఠాని వదిలేసి మద్రాసు రైలెక్కుతోంది. ఈ పొద్దున తొమ్మిదింటికి పాత కౌంటర్ బదులు కొత్తది తనే ల్యాబ్‌లో పెట్టి వచ్చింది. దాని పీఠంలో, మైనం దిమ్మల ఆకారంలో పోసిన పేలుడు మందు ఉంది. వందో కణానికి గంట మోగాల్సిన చోట అది పేలుతుంది. ముఠా మనుషులిద్దరు ఎదుటి కిళ్ళీకొట్టు దగ్గర ఆ చప్పుడు కోసమే కాచుకుని ఉన్నారు.

బాలశౌరి హోటల్ ఫోన్ అందుకున్నాడు. ల్యాబ్ ఫోన్ ఎంగేజ్. లెక్కకి కూర్చోబోయే ముందే అమలమ్మ రిసీవర్ తీసి పక్కన పెట్టేయడం నిన్న చూశాడు. బసవయ్యకి రెండు మాటలు చెప్పి రిక్షా ఎక్కాడు. రైల్వే గేటు పడి ఉంది. గూడ్సు బండి తీరిగ్గా కదులుతోంది. అతను రిక్షా దిగి, రైలు పోయేదాకా ఆగి, పరుగెత్తాడు. నాలుగు వీధులకే నోట్లో నెత్తురు రుచి తగిలింది.

దుమ్ము పడకుండా ల్యాబ్ తలుపు లోపల గడియ వేసుకునే అలవాటు. తలుపు అద్దంలోంచి అమలమ్మ వీపు, పక్కన కౌంటర్, దాని మీద అంకె కనిపిస్తున్నాయి. ఎనభై ఎనిమిది. అవతలి గదిలో డాక్టరు ఢిల్లీ పెట్టె సర్దుకుంటున్నాడు.

బాలశౌరి తలుపు బాదాడు. ఆగమని అరిచాడు. అమలమ్మ మైక్రోస్కోపు మీంచి కన్ను తీయకుండా ఎడమ చెయ్యెత్తి ఒక వేలు చూపింది. లెక్క మధ్యలో ఆమె ఎవరికీ పలకదు. పలికితే మళ్ళీ మొదటినుంచీ.

తొంభై మూడు. జేబులో పెన్ను పిస్టల్ ఉంది. దాన్ని పేల్చినా, అద్దం పగలగొట్టినా ఉలిక్కిపడి మీట నొక్కేస్తుంది. భుజంతో తలుపుని గుద్దాడు. ఎన్నో తలుపులు విరగ్గొట్టిన భుజమే. ఇవాళ తలుపు కదల్లేదు, అతనే కింద పడ్డాడు. తొంభై ఆరు. ఇక చేయగలిగింది ఏమీ లేదని అతనికి తెలిసిపోయింది. తలుపుకి ఆనుకుని ఎలాగో నిలబడి చూస్తూ ఉండిపోయాడు.

తొంభై ఎనిమిది. తొంభై తొమ్మిది.

అమలమ్మ మీటల మీంచి చెయ్యి తీసేసింది. పెన్సిలు అందుకుని కాగితం మీద ఏదో గీసుకుని, వచ్చి గడియ తీసింది.

ఆమె కోపంగా ఏదో అనబోయేలోపలే బాలశౌరి కౌంటర్ బ్యాటరీ వైరు పీకేశాడు. పీఠం మూత తీసి నాలుగు దిమ్మలూ చూపించాడు. డాక్టరు వచ్చి గోడకి ఆనుకున్నాడు. కింద వీధిలో బసవయ్య మనుషులు కిళ్ళీకొట్టు దగ్గర ఇద్దరినీ జీపెక్కించారు.

"వందోసారి మీట ఎందుకు నొక్కలేదండీ?" అడిగాడు బాలశౌరి.

అమలమ్మ ఆ దిమ్మల వైపు చూస్తూనే చెప్పింది. "మా ఇంట్లో బియ్యం కొలిస్తే మొదటి పిడికెడు దేవుడికి తీసిపెడతామండి. ఇక్కడా అంతే. మొదట కనపడ్డ కణాన్ని మీటకెక్కించను. తొంభై తొమ్మిది దగ్గర ఆపి, ఆ ఒక్కటీ చేత్తో కలుపుకుంటా. డాక్టరుగారు ఎన్నిసార్లో కోప్పడ్డారు. ఆ గంట ఎలా మోగుద్దో కూడా నాకు తెలీదు."

తర్వాత ఆమె, పైన అంతోని అని పేరు రాసిన ఆ లెక్క కాగితం వైపు చూసి తల దించుకుంది. డాక్టరు ఆ కాగితం తీసుకున్నాడు. మైక్రోస్కోపులో చాలాసేపు చూశాడు. తొంభై తొమ్మిదిలో తొంభై రెండు, నెత్తురు చెడినవాళ్ళలో కనిపించే ముదరని కణాలు. పోయిన పదకొండుమంది స్లయిడ్లూ ఇలాగే ఉన్నాయి. ఫ్యాక్టరీ నీళ్ళు మీరూ తాగారా అని అడిగాడు. బాలశౌరి తలూపాడు.

"మూడు నెలలు. మన దగ్గర మందు లేదు," అన్నాడు డాక్టరు.

అమలమ్మ ఏడ్చింది. బాలశౌరికి భయం వేసింది. అయినా ఒక్కటి తెలుసుకోవాలనిపించి, దేవుడికి తీసిపెట్టిన ఆ మొదటి కణం ఎలాంటిదని అడిగాడు.

"మంచిదేనండి," అందామె కళ్ళు తుడుచుకుంటూ.

డాక్టరు అతని స్లయిడ్ మీద పన్నెండు అని అంకె వేసి ఢిల్లీ పెట్టెలో పెట్టాడు. బాలశౌరి పక్కన పెట్టిన రిసీవర్ అందుకుని చీఫ్‌కి ఫోన్ చేశాడు. మిషన్ సక్సెస్ అని విని బసవయ్య సంతోషించాడు. ఢిల్లీకి రిపోర్టు రాసుకోవాలి గనక, కొండపల్లి మనిషి కాక మనవాళ్ళెవరైనా పోయారా అని అడిగాడు.

"ఇంకా లేదండి," అన్నాడు బాలశౌరి.