ఇరవై మూడో ప్రశ్న

"జయన్నా, ఆదివారానికల్లా నువ్వు మేధావివి కావాల!"

చీఫ్ హరికృష్ణ ఆదోనిలో ఇచ్చిన ఆర్డర్ అది. 'శిఖర' అనే హై-ఐక్యూ సంఘంలోకి ఓ విదేశీ ముఠా దూరింది. ఆదివారం ఎమ్మిగనూరులో సంఘం ప్రవేశ పరీక్ష. నెగ్గినవాళ్ళు కూర్చునే గదిలో, తొమ్మిదిమంది మన ఏజెంట్ల పేర్లున్న మైక్రోచిప్ చేతులు మారుతుంది. మారితే తొమ్మిది ప్రాణాలూ పోయినట్టే.

"చిప్ మోసే మనిషి దొరికితే 'పోగు తెగింది' అను. మనోళ్ళు దిగుతారు."

పిస్టల్‌ను అర నిమిషంలో విప్పి బిగించగల జయన్నకు రీజనింగ్ పుస్తకం మాత్రం లొంగలేదు. త్రిభుజం పక్కన చతురస్రం, దాని పక్కన ఏం రావాలట! ఏమొస్తే ఎవడిక్కావాలి? ఆదివారం తొమ్మిదిన్నరకు, పరీక్ష హాలు ఎదురుగా టీ కొట్లో, అతని స్కోరు నలభైకి పద్నాలుగు. ఏడుపొక్కటే తక్కువ.

ఎదురుగా కోచ్ కృష్ణకుమారి. ఆఫీసు కుదిర్చిన లోకల్ కాంటాక్ట్. నల్ల కళ్ళద్దాలు, ఖరీదైన సెంటు. పుట్టింది ఈ ఊరి మగ్గాల ఇంట్లోనేనని ఫైల్లో ఉంది. ఆమె కూడా పరీక్ష రాస్తోంది.

"ఇరవై మూడో ప్రశ్నా తప్పే. ఒక మగ్గం మీద ఒకరు ఆరు దినాల్లో చీర నేస్తే, అదే మగ్గం మీద ఇద్దరికి మూడు దినాలు. ఆరని రాసినావు!"

"ఆరే గదా!"

"యాడన్నా? మా యమ్మా నేనూ పక్కపక్కన కూసోని మూడు దినాల్లో దింపుతాంటిమి."

జయన్న తల్లి గిరిజమ్మ ముప్పై ఏళ్ళు మగ్గం గుంతలోనే గడిపింది. గుంతలో కూర్చుని పోగుల మధ్య నాడె విసిరేది ఒక్కరే. రెండో మనిషి బయట నూలు కండెలు చుట్టాల్సిందే. మగ్గాలింటి పిల్లయితే ఆ ప్రశ్న చదివి నవ్వేది.

గంట మోగింది. కృష్ణకుమారి రోడ్డు దాటింది. గేటు మూయబోతుండగా జయన్న ఆమె చేయి దొరకబుచ్చుకున్నాడు.

"పోగు తెగింది!" అన్నాడు కాలర్ మైక్‌లో.

ఆమె హీల్‌తో ఒక్క తన్ను తన్నింది. పెనుగులాటలో కళ్ళద్దాలు జారాయి. విరిగిన కాడలోంచి చిప్ మట్టిలో పడింది.

"ఎలా తెలిసింది?" ఆమె యాస మాయమైంది.

"నేను ఇరవై మూడో ప్రశ్న తప్పు రాసినందుకు."

మఫ్టీవాళ్ళు ఆమెను జీపెక్కించారు. చెవిలో హరికృష్ణ గొంతు: "చిప్ కొనేటోడూ దొరికినాడు. శభాష్!"

"అయితే ఇంటికి పోనా సార్?"

"సంఘమోళ్ళు మంచోళ్ళప్పా. వాళ్ళకి అనుమానం రాకూడదు. పోయి పరీక్ష రాయి."

మొదటి ప్రశ్న: రెండు కొళాయిలు తిప్పితే తొట్టి ఎన్ని గంటల్లో నిండుతుంది?

మునిసిపాలిటీ నీళ్ళొదిలే రోజేదో ప్రశ్నలో ఎక్కడా ఇవ్వలేదని జయన్న పళ్ళు కొరికాడు.