పార్థసారథి గారింట్లో రెండు యాంటీవైరస్‌లు

ఆదివారం పొద్దున్న పాలకొల్లులో పార్థసారథి గారింట్లో ఇడ్లీలు దిగాయి, పేపరొచ్చింది, పార్థసారథి గారు గుమ్మంలో ఎవరికో ఏదో 'సరేనండి' అన్నారు. అంటే అంతా మామూలుగానే ఉంది.

ఆయన హైస్కూల్లో లెక్కల మాస్టారు. సర్వీసంతా అయిపోవస్తున్నా ఒక్క మనిషికి 'కాదు' అని చెప్పి ఎరగరు. మొహమాటానికి కొన్న వాటర్ ఫిల్టర్లు ఆ ఇంట్లో ఎన్నున్నాయంటే, గోదావరిని అటు తిప్పితే జిల్లా మొత్తానికి మంచినీళ్ళొస్తాయి. ఒకసారి అడ్రసు తప్పి పెళ్ళిచూపులకొచ్చిన వాళ్ళని కూడా కాదనలేక, టిఫిన్లు పెట్టి, పిల్లని తయారుచెయ్యమని లోపలికి కబురంపారు. అప్పటికి వాళ్ళమ్మాయి ఉమాశ్రీ నాలుగో క్లాసు.

అలాంటి మనిషి జీవితంలో ఒకే ఒక్కసారి 'వద్దు' అన్నారు. అది కూడా ఉమాశ్రీతోనే.

ఉమాశ్రీ ఇప్పుడు భీమవరంలో ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం. కంప్యూటర్ గేములంటే ప్రాణం. ఆడడంతో సరిపెట్టుకోక, సొంతంగా ఒకటి తయారుచేసింది. దాని పేరు 'పంటు'. రేవులో మనుషుల్ని, మోటారు సైకిళ్ళని, గేదెల్ని పంటు మీదకెక్కించి మునిగిపోకుండా అవతలి ఒడ్డుకి చేర్చాలి. గేదెలు మాట వినవు. మనుషులు అసలు వినరు. హైదరాబాద్‌లో గేములు చేసే కంపెనీ వాళ్ళు ఉద్యోగానికి పిలిచి, "మీ గేమ్ సీడీలో పట్టుకుని వచ్చే నెల మొదటి సోమవారం రండి" అన్నారు.

పార్థసారథి గారు వద్దన్నారు. ఆయన భార్య వెంకటరత్నమ్మ గారు వాదించలేదు. కూరల్లో ఉప్పు వెయ్యడం మానేశారంతే. ఆయన కొన్నాళ్ళు ఓర్చుకుని, బీపీ తగ్గిందని డాక్టరు మెచ్చుకున్నాక కూడా తట్టుకోలేక, "సరే, వెళ్ళి చూపించి రా" అన్నారు. ఈ ఆదివారం సాయంత్రం రైలుకి టిక్కెట్టు కూడా తీశారు.

ఇంతలో ఫ్రెండెవరో తెచ్చిన పెన్‌డ్రైవ్ పెడితే ఉమాశ్రీ కంప్యూటర్లోకి వైరస్ వచ్చింది. అది తనే ఎలాగోలా వదిలించుకుంది. "మంచి యాంటీవైరస్ ఏదో చూసి నేనే వేస్తాను నాన్నగారూ, మీరు ఎవరికీ చెప్పకండి" అంది.

ఆయన ఎవరికీ చెప్పలేదు. అడిగిన వాళ్ళకి మాత్రమే చెప్పారు. సాయంత్రానికి వెనకింటి మామ్మగారు వేపమండలూ మజ్జిగన్నమూ పంపించారు.

ఆదివారం పదింటికి భీమవరం నుంచి బావమరిది విశ్వనాథ్ ఎర్ర డబ్బాలో ఒక యాంటీవైరస్ పట్టుకుని దిగాడు. ఆయనకి కంప్యూటర్ షాపుంది. ఆ వెనకాలే సామర్లకోట నుంచి తమ్ముడు చంద్రరావు పచ్చ డబ్బాలో ఇంకోటి పట్టుకుని దిగాడు. ఆయన ఆఫీసులో అందరూ అదే వాడతారట. ఉమాశ్రీ ఖాళీ సీడీలు కొనడానికి బజారుకెళ్ళింది.

"మీదెందుకండీ బావగారూ, మంచిదే గానీ ముసలిది," అన్నాడు చంద్రరావు.

"మీది మరీ కుర్రదండీ. ఇంకా దొంగకీ దొరకీ తేడా తెలీదు," అన్నాడు విశ్వనాథ్.

గోదావరి జిల్లాలో తల పగలగొట్టుకునేటప్పుడు కూడా 'అండి' తియ్యరు. పార్థసారథి గారు ఇద్దర్నీ చూశారు. ఒకరిది తీసుకుంటే ఇంకొకరు నొచ్చుకుంటారు. ఆయనకి తెలిసిన లెక్కల్లో దీనికి ఒకటే జవాబు.

"రెండూ వేసేద్దాం. ఇంటికి ఇద్దరు కాపలా ఉంటే మంచిదే కదా," అన్నారు.

ఇద్దరు కాపలావాళ్ళూ ఒకళ్ళనొకళ్ళు దొంగ అనుకుంటారని అక్కడెవరూ ఆలోచించలేదు. షాపున్న విశ్వనాథ్‌కి అది తెలుసు. కానీ తనది మానేద్దామని తను అనలేడు కదా.

ఉమాశ్రీ వచ్చేసరికి మావయ్యా బాబాయీ పెసరట్లు తింటున్నారు. తన గదిలో తెర మీద ఎర్ర పెట్టె ఒకటి, పచ్చ పెట్టె ఒకటి ఒకదాని మీద ఒకటి పడి కొట్టుకుంటున్నాయి. మౌస్ కదిలిస్తే బాణం గుర్తు కదిలేసరికి మళ్ళీ ఎలక్షన్లొచ్చేలా ఉన్నాయి. ఎలాగో ఫోల్డర్ తెరిచింది. పంటు లేదు.

"నాన్నగారూ!"

ఆ కేకకి పెసరట్టు తిరగేస్తున్న వెంకటరత్నమ్మ గారు అట్లకాడతోనే పరిగెత్తుకొచ్చారు.

"నా గేమేదండీ? ఎవరు ముట్టుకున్నారు?"

"ఎవరూ ముట్టుకోలేదమ్మా," అన్నారు పార్థసారథి గారు. "ఆ ఎర్రది ఏదో అడిగింది. ఇది అనుమానంగా ఉంది, పట్టి లోపల పెట్టమంటారా అని. పాపం అంత మర్యాదగా అడుగుతుంటే..."

"సరే అన్నారా?"

"అన్నాను."

ఆయన మెషీన్‌ని కూడా కాదనలేకపోయారు.

ఉమాశ్రీ కుర్చీలో కూలబడింది. అలాగే కీబోర్డు మీద ఏదేదో నొక్కింది. కాసేపటికి తల తిప్పకుండా చెప్పింది. "గేమ్ పోలేదు. ఎర్రదాని జైల్లో ఉంది. బయటికి తీద్దామంటే పచ్చది అడ్డం పడి మెషీన్ని కదలనివ్వడం లేదు. పచ్చదాన్ని ఇప్పుడే తీసెయ్యాలి."

"అదేంటమ్మా," అన్నాడు చంద్రరావు గుమ్మంలోంచి. "తప్పు చేసింది ఎర్రది. తీసెయ్యడం మాత్రం బాబాయిదా?"

"ఎర్రది తీస్తే జైలుతో పాటు గేమ్ కూడా పోతుంది బాబాయ్."

"చూశారా, మాది ఎంత అవసరమో!" అన్నాడు విశ్వనాథ్.

చంద్రరావు చెయ్యి కడిగేసుకున్నాడు. "సరే అన్నయ్యా. బావమరిదిది ఉంచి తమ్ముడిది తీసెయ్యి. సామర్లకోట నుంచి పనిగట్టుకుని వచ్చినందుకు బాగానే అయింది. నేను బయల్దేరతాను."

"అదేంట్రా, భోజనం చెయ్యకుండానా?" పార్థసారథి గారు తమ్ముడి చెయ్యి పట్టుకున్నారు. "ఉండు. తొందరేముంది? భోజనాలయ్యాక అందరం కూర్చుని చూద్దాం."

"భోజనాలయ్యాకా?" ఉమాశ్రీ లేచింది. "నాన్నగారూ, ఇంకా సీడీ చెయ్యాలి. అది ఆడుతోందో లేదో చూడాలి. సాయంత్రం రైలు!"

"అది కాదమ్మా, బాబాయి నొచ్చుకుంటున్నాడు కదా..."

"మరి నేనో? నేను నొచ్చుకోనా?" ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి గానీ గొంతు మాత్రం తగ్గలేదు. "ఫిల్టర్ల వాడికి కాదనలేరు. అడ్రసు తప్పి వచ్చినవాళ్ళకి కాదనలేరు. ఆ మెషీన్‌కి కూడా కాదనలేరు. మీరు వద్దు అనగలిగేది ఈ ప్రపంచంలో నా ఒక్కదానికే!"

పొయ్యి మీద అట్టు మాడుతున్న వాసనొస్తోంది. ఎవరూ కదల్లేదు.

వెంకటరత్నమ్మ గారు తమ్ముడి వైపూ మరిది వైపూ చూసి, "మీరిద్దరూ అవతలికి నడవండి," అన్నారు. చేతిలో అట్లకాడ ఉంది. ఇద్దరూ నడిచారు. ఆవిడ తలుపు దగ్గరికి లాగేశారు.

గదిలో తండ్రీ కూతురూ మిగిలారు.

"ఒక్క మాట అడుగుతాను, నిజం చెప్పండి," అంది ఉమాశ్రీ. "ఆ ఎర్రది అడిగినప్పుడు దాంట్లో పేరు కూడా చూపిస్తుంది. పంటు అని ఉంటుంది. చూశారా?"

ఆయన గోడ మీద క్యాలెండర్ వైపు చూశారు. అది పోయినేడాదిది. తీసెయ్యడానికి దాన్నిచ్చిన బట్టల షాపాయన ఏమనుకుంటాడోనని అలాగే ఉంచారు.

"చూశానమ్మా," అన్నారు.

"చూసి కూడానా?"

"ఇది మా అమ్మాయిదండీ, దొంగ కాదండీ అని చెప్పాలనే అనుకున్నాను. ఇంతలో..." ఆయన కళ్ళజోడు తీశారు. "ఇది పోతే నువ్వు వెళ్ళవు కదా అనిపించింది. ఒక్క క్షణమే. ఆ క్షణంలోనే వేలు నొక్కేసింది. మొహమాటానికి నొక్కానని నాకు నేనే చెప్పుకున్నాను. నొక్కిన దగ్గర్నుంచీ పెసరట్టు కూడా దిగడం లేదు."

తండ్రి తప్పు ఒప్పుకుంటే ఏం చెయ్యాలో ఆ పిల్లకి ఏ గేమూ నేర్పలేదు.

"అందరికీ సరే అంటాను ఎందుకో తెలుసా? వాళ్ళకి కోపమొస్తే వెళ్ళిపోతారని భయం," అన్నారాయన. "నీకు వద్దన్నదీ ఆ భయంతోనే. సరే అంటే నువ్వు వెళ్ళిపోతావు."

"నేను ఉద్యోగానికి వెళ్తానంటున్నాను నాన్నగారూ. మిమ్మల్ని వదిలేసి కాదు."

"తెలుసమ్మా. వేలికే తెలీలేదు."

ఆ మాటకి ఆ పిల్లకి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఆయన భుజానికి తల ఆనించింది. ఆయన చొక్కా భుజం తడిసిపోయింది.

పార్థసారథి గారు కళ్ళజోడు పెట్టుకుని, తలుపు తీసి, హాల్లోకి వెళ్ళారు. పాలకొల్లు చరిత్రలోకెక్కాల్సిన మాట ఆ పూట అక్కడ అన్నారు.

"చంద్రం, నీది తీసేస్తున్నాం. విశ్వం, గేమ్ బయటికొచ్చాక నీదీ తీసేస్తాం. ఆ మెషీన్‌కి ఏది కావాలో మా అమ్మాయి తేలుస్తుంది. ఎవరు నొచ్చుకున్నా నేనేమీ చెయ్యలేను."

విశ్వనాథ్ నోట్లో కిళ్ళీ ఆగిపోయింది. చంద్రరావు అన్నయ్య నుదుటి మీద చెయ్యి పెట్టి జ్వరమేమో చూశాడు. చల్లగానే ఉంది.

పచ్చది వెళ్ళింది, జైలు తలుపు తెరుచుకుంది, పంటు ఒక్క గేదె కూడా తగ్గకుండా బయటికొచ్చింది. తర్వాత ఎర్రదీ వెళ్ళింది. ఉమాశ్రీ రెండు డబ్బాల మీద ఉన్నదీ పూర్తిగా చదివింది. ఇంటర్నెట్‌లో కూడా కాసేపు వెతికింది.

"మావయ్యా, మీది మంచిదే," అంది. "కానీ ఆట మధ్యలో తెర మీదకొచ్చి పలకరిస్తూ ఉంటుంది. బాబాయిది తెర నిండా గేమ్ ఉన్నంతసేపూ నోరు మూసుకుంటుంది. ఈ ఫోల్డర్ జోలికి వెళ్ళకని చెబితే వెళ్ళదు. అంచేత పచ్చదే వేస్తున్నాను. ఒక్కటే."

"అంటే మళ్ళీ నాదేనా?" అన్నాడు చంద్రరావు. గెలిచాడో ఓడాడో ఆయనకి అర్థం కాలేదు. అందుకని భోజనానికి కూర్చున్నాడు.

విశ్వనాథ్ కాసేపు మూతి ముడుచుకున్నాడు. వెంకటరత్నమ్మ గారు పనసపొట్టు కూర రెండోసారి వడ్డించాక, "మా షాపులో పచ్చదీ అమ్ముతామమ్మా," అని ఒప్పుకున్నాడు.

సాయంత్రం ఉమాశ్రీ సీడీని బట్టల మధ్య పెట్టుకుంది. అదే రైల్లో హైదరాబాద్ వెళ్తున్న క్లాస్‌మేట్ లావణ్య స్టేషన్లో కలుస్తానంది. పార్థసారథి గారు స్కూటర్ బయటికి తీసి, సూట్‌కేసు ముందు పెట్టుకున్నారు. కూతురు వెనక కూర్చుంది.

"బావగారూ!" విశ్వనాథ్ చెప్పులేసుకుంటూ పరిగెత్తుకొచ్చాడు. "స్టేషన్ వైపేగా? నన్నూ బస్టాండ్‌లో దింపేసి వెళ్ళండి. కాస్త సర్దుకుంటే ముగ్గురం పడతాం."

పార్థసారథి గారు నోరు తెరిచారు. అలవాటు కొద్దీ 'స' దాకా వచ్చింది. ఉమాశ్రీ ఆయన భుజం మీద చెయ్యి వేసి కూర్చుంది.

"కుదరదు విశ్వం," అన్నారాయన. "మా అమ్మాయి ఉద్యోగానికి వెళ్తోంది."

స్కూటర్ కదిలింది. సందు మలుపు తిరిగేదాకా విశ్వనాథ్ ఒంటి చెప్పుతో అక్కడే నిలబడిపోయాడు.