పూలమ్మ పెట్టెకు కరెంటు

సాయంత్రం ఆరు గంటల ఇరవై నిమిషాలకు నేను షట్టరు సగం దించి, షాపు ముందు పెట్టిన సోలార్ ప్యానెల్‌ను బట్టతో తుడుస్తున్నాను. మే నెల. మధ్యాహ్నం లేచిన గాలిదుమారానికి బాన్సువాడ మొత్తం మీద సన్నటి మట్టి పరుచుకుంది. గాలి ఆగింది గానీ ఉక్క ఆగలేదు.

ఇన్వర్టర్లు, బ్యాటరీలు, సోలార్ సామాను మా వ్యాపారం. రైస్ మిల్లులు, బోర్లున్న రైతులు, కోళ్ల ఫారాలవాళ్లు మా దగ్గరికి వస్తారు. వాటితోపాటు ఒక ఫ్రీజర్ పెట్టె కూడా ఉంది. ఎవరైనా చనిపోతే, దూరంలో ఉన్నవాళ్లు వచ్చేదాకా శవాన్ని ఉంచడానికి కిరాయికి ఇస్తాను.

"అన్నా, షట్టరు దించకు" అంటూ దేవదాస్ బండి ఆపాడు. నస్రుల్లాబాద్ అవతలి ఊరతను. కూలి పనిచేసే బాలన్నకు మేనల్లుడు. బాలన్న భార్య పూలమ్మ ఆ మధ్యాహ్నం వడ్లు ఆరబోస్తూ పడి చనిపోయింది. నా పెట్టె నాలుగింటికే వాళ్లింటికి చేరింది. ఐదింటికి గాలికి ఊరి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది.

"లైన్‌మన్ రేపు పదింటిదాక ఆశ పెట్టుకోకుండ్రి అన్నడు. సుజాత భీవండిల బస్సెక్కింది. పొద్దున ఎనిమిదింటికి దిగుతది. ఒక్కతే బిడ్డ. తల్లి ముఖం చూడాలె గదన్నా."

"బ్యాటరీ, ఇన్వర్టర్ పెడితే అయిపోతది" అన్నాను.

అరలో రెండు ఇన్వర్టర్లు ఉన్నాయి. రెండింటి మీదా కెపాసిటీ ఒకే అంకె రాసి ఉంటుంది. ఒకటి తేలిక, రెండోది ఇద్దరు మోయాల్సినంత బరువు. తేడా ఆ బరువులోనే ఉంది. ఫ్రీజర్ పెట్టె అడుగున కంప్రెసర్ మోటారు ఉంటుంది. అది నడిచేటప్పుడు తక్కువే తింటుంది. మొదలయ్యే క్షణంలో మాత్రం ఐదారు రెట్లు లాగుతుంది. ఆ దెబ్బకు ఓర్చుకునేది బరువుదే. తేలికది బల్బులకు, ఫ్యాన్లకు. కొనడానికి వచ్చిన ప్రతివాడికీ నేను చెప్పే మొదటి మాట ఇది.

బరువుది అట్టపెట్టెలో, సీలుతో ఉంది. బిచ్కుందలో రైస్ మిల్లు నడిపే ముత్తెన్న తన కంట్రోల్ ప్యానెల్ కోసం చెప్పి పెట్టుకున్నాడు. ఆయనకు పట్టింపులెక్కువ. శవం పెట్టెకు తగిలించి తెచ్చిన యంత్రమని తెలిస్తే మిల్లు గడప దాటనివ్వడు. బాన్సువాడలో ఏదీ దాగదు.

నేను తేలికది తీసుకున్నాను.

"గిది ఆగుతదా అన్నా?" అని దేవదాస్ అడిగాడు. అతను అడిగింది రెండో దాన్ని చూసి కాదు. ఊరికే అడిగాడు.

"ఆగుతది" అన్నాను.

ఊరంతా చీకటి. రోడ్డు మీద ఆరబోసిన వడ్ల పచ్చివాసన. బాలన్నది ఒకే గది ఇల్లు, ముందు రేకుల పందిరి. పందిరి కింద పాస్టరుగారు, చర్చివాళ్లు కొవ్వొత్తి చుట్టూ కూర్చుని మెల్లగా పాడుతున్నారు. లోపల పెట్టె. దాని పక్కన పీట మీద బాలన్న.

"ఇన్నేండ్లు కూలర్ తెమ్మంటె తేలే" అంది పక్కింటి ప్రేమల, నేను వైర్లు కలుపుతుంటే. "ఇయ్యాల ఏసీల పండవెట్టిండు సూడు మా అన్న." ఎవరో నవ్వారు, ఆ నవ్వు వెంటనే ఏడుపైంది. బాలన్న మాత్రం తల ఎత్తలేదు.

స్విచ్ వేశాను. పచ్చలైటు వెలిగింది. పెట్టె లోపలి బల్బు వెలిగింది. చిన్న ఫ్యాను తిరిగింది. "వచ్చింది, వచ్చింది" అని బయట అనుకున్నారు. అడుగున మోటారు ఒకసారి మూలిగి, టక్కుమని ఆగిపోయింది. కొద్దిసేపటికి మళ్లీ మూలిగింది. మళ్లీ టక్కుమంది.

గాలి తిరుగుతోంది. చలి పుట్టడం లేదు.

"నడుస్తుందా అన్నా?" అంది ప్రేమల.

"నడుస్తుంది. చల్లవడనీకె టైం పడుతది."

అప్పుడే లేచి ఉంటే బాన్సువాడకు పోయి రెండోది తెచ్చేవాణ్ని. గంటన్నర పని. ఆ మాట నాకు ప్రతిసారీ, మోటారు టక్కుమన్నప్పుడల్లా తట్టింది. కానీ లేస్తే తప్పు సామాను తెచ్చానని అందరి ముందూ ఒప్పుకోవాలి. ముత్తెన్న సీలు చింపాలి. నేను అక్కడే కూర్చుని, ప్రేమల ఇచ్చిన టీ తాగాను.

పది దాటాక పెట్టె మూత అద్దం మీది మసక పోయింది. పూలమ్మ ముఖం స్పష్టంగా కనిపించింది. చెంపల రంగు మారుతోంది. పెట్టె మీద వేడి చూపే ఎర్ర అంకె ఒక్కొక్కటిగా పెరుగుతోంది. నేను భుజం మీది తువ్వాలు తీసి, ఏదో తుడుస్తున్నట్టు తుడిచి, ఆ అంకె మీద కప్పేశాను.

బాలన్న చూశాడు.

తరువాత వాసన. మొదట అగరొత్తుల వెనక, సన్నగా, తీపిగా. పాడుతున్నవాళ్లలో ఒకామె కొంగు ముక్కుకు పెట్టుకుంది. పాట ఆపలేదు. ఆమె ఆపకుండా పాడటం నాకు ఏ తిట్టుకన్నా గట్టిగా తగిలింది.

పన్నెండు దాటి ఉంటుంది. ఇన్వర్టర్‌లో చిటపటమంది. కాలిన ప్లాస్టిక్ కంపు. పచ్చలైటు ఆరింది. బల్బు ఆరింది. ఫ్యాను మెల్లగా తిరిగి తిరిగి ఆగింది.

చీకటి.

పాట ఆగింది. "ఏమైందన్నా?" అని దేవదాస్ గుమ్మంలోంచి గొంతు తగ్గించి అడిగాడు.

"ఏం లేదు. వైరు లూజైంది."

తడుముకుంటూ పెట్టె ప్లగ్గు పీకాను. వైరు చేతికి చుట్టుకున్నాను. ఏం చేయాలో తెలియక అలాగే మోకాళ్ల మీద కూర్చున్నాను. బయట మళ్లీ పాట అందుకున్నారు.

అప్పుడు మోటారు మొదలైంది.

మూలిగి ఆగిపోలేదు. ఎత్తుకుంది. నిండుగా, నిదానంగా... మంచి కరెంటు మీద కొత్త కంప్రెసర్ నడిచినట్టు. నేల మీద పెట్టిన నా అరచేతికి ఆ అదురు తెలుస్తోంది.

ప్లగ్గు నా చేతిలోనే ఉంది. మూడు పిన్నులూ వేళ్లతో తడిమి చూశాను.

పెట్టె లోపలి బల్బు వెలగలేదు. ఫ్యాను తిరగలేదు. మోటారు ఒక్కటే...

కాళ్ల దగ్గర చలి. పెట్టె అడుగు నుంచి నేల మీద పాకుతూ వస్తోంది. వాసన పోయింది. ఆ స్థానంలో రాతి నుంచి వచ్చేలాంటి వాసన, లోతు బావి గట్టున నిలబడితే వచ్చేది.

ఫోను లైటు వేశాను. అద్దం తెల్లగా మూసుకుపోతోంది, అంచుల నుంచి మధ్యకు. మధ్యలో బాలన్న కుడి అరచెయ్యి ఆనించి ఉంది. పూలమ్మ ముఖానికి సరిగ్గా పైన.

"బాలన్నా..." అన్నాను.

"లైటు బంద్ చెయ్యి సేటూ" అన్నాడు గుసగుసగా. "ఆమెకు నిద్ర పాడైతది."

"ప్లగ్గు నా చేతిల ఉన్నది."

"ఎరుకే."

లైటు ఆర్పాను. ఎంతసేపు గడిచిందో. ఒకసారి అతను దగ్గాడు, నీళ్ల చెంబు కోసం చెయ్యి తీశాడు. మోటారు ఆగింది. గుటక చప్పుడు వినిపించింది. చెంబు నేలకు తాకింది. చెయ్యి మళ్లీ అద్దం మీదికి వెళ్లినట్టుంది... మోటారు ఎత్తుకుంది.

"చెయ్యి తియ్యి బాలన్నా. నేను పోయి మంచిది తెస్త. బండి ఉన్నది."

"గిప్పుడా?" అన్నాడు.

ఆ ఒక్క మాటే అన్నాడు. నేను లేవలేదు, చెయ్యి పట్టి లాగలేదు. భయం ఒక కారణం. రెండోది చెప్పడానికి సిగ్గుగా ఉంది. పెట్టె చల్లబడుతోంది. నా పని అయిపోతోంది.

తెల్లవారేదాకా గుమ్మం దగ్గర, వైరు అందినంత దూరంలో, ప్లగ్గు తువ్వాలులో చుట్టి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఎవరూ అడగలేదు. లోపల మోటారు చప్పుడు వినిపిస్తోంది. వాళ్లకు అంతే కావాలి.

ఎనిమిదిన్నరకు సుజాత వచ్చింది. మూత తీశాం. పూలమ్మ కనురెప్పల మీద సన్నటి తెల్ల నూగు. చెంపలు నిద్రలో ఉన్న మనిషివి. సుజాత తల్లి ముఖాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని చాలాసేపు మాట్లాడింది. పెళ్లప్పుడు పెట్టుకోకుండా దాచిన గాజుల గురించి, భీవండిలో తాను తీసుకున్న గది గురించి. ఎవరూ ఆమెను తొందరపెట్టలేదు. తొందరపెట్టాల్సిన అవసరం లేకపోయింది.

మట్టి వేశాక ఆమె నా దగ్గరికి వచ్చింది. "దేవదాస్ బావ చెప్పిండన్నా. రాత్రంత పెట్టె దగ్గర్నే కూసున్నవంట. నీ మిషన్ లేకపోతె నేను మా అమ్మను సూడకపోతుంటి" అంటూ నా చేతులు కళ్లకు అద్దుకుంది.

నేను చేతులు వెనక్కి తీసుకోలేదు. "మంచి కంపెనీదమ్మా" అన్నాను.

చుట్టూ నిలబడ్డవాళ్లు తలలూపారు. చర్చి పెద్దమనిషి ఒకాయన నా నంబరు అడిగి ఫోనులో పెట్టుకున్నాడు. కాలిపోయిన ఇన్వర్టర్‌ను గోనెసంచిలో వేసి బండి ఎక్కించాను. బాలన్న దూరంగా వేపచెట్టు కింద నిలబడి ఉన్నాడు. కుడి చెయ్యి భుజం మీది గుడ్డలో చుట్టి ఉంది. నన్ను చూసి ఎడమ చెయ్యి ఎత్తి దండం పెట్టాడు.

సోమవారం ముత్తెన్న మిల్లుకు బరువు ఇన్వర్టర్ తీసుకుపోయాను. ఆయన సీలు మీద వేలు రాసి చూసి, "నీ దగ్గర గీ ఖచ్చితం నాకు నచ్చుతది" అన్నాడు. టీ తెప్పించాడు.

శుక్రవారం బస్టాండు దగ్గర దేవదాస్ కనిపించాడు. నిజామాబాద్ బస్సు కోసం నిలబడ్డాడు. బాలన్నను దవాఖానలో చేర్చి నాలుగు రోజులైందట. కుడి చేతి వేళ్లు నల్లబడ్డాయి. రెండు తీసేశారు.

"డాక్టరు ఐస్ ఫ్యాక్టరీల పని చేస్తడా అని అడుగుతుండన్నా. గీ ఎండల ఐసెక్కడిది? కూలోడు సార్ అంటె నమ్ముతలేడు."

"ఇప్పుడెట్లుంది?"

"కాపడం కోసం చెయ్యి గోరువెచ్చటి నీళ్లల్ల పెట్టమన్నరు. నర్సమ్మ పెద్ద గిన్నెల పోసి పెట్టి పోయింది, మా మామ నిద్రవోయిండు." దేవదాస్ బస్సు వచ్చే వైపు చూస్తూ మెల్లగా అన్నాడు. "పావుగంటకు వచ్చి చెయ్యి తీయవోతె రాలేదంట. నీళ్లు గడ్డగట్టినయి."