తొమ్మిది సెకన్ల ఓపిక

2081 నాటికి బంగాళాఖాతంలో డీజిల్ వాసన గుర్తున్నవాళ్లందరూ తలపండినవాళ్లే. చమురు పడవల్ని నిషేధించి నలభై ఏళ్లయింది. విశాఖ నుంచి అండమాన్‌కి ఉల్లిపాయలు, మందులు, బడి పుస్తకాలు అన్నీ తెరచాప పడవల మీదే పోతున్నాయి. దారి చూపడానికి, తుఫాను పసిగట్టడానికి కంప్యూటర్లున్నాయి. కానీ చట్టం ఒక మాట గట్టిగా చెప్పింది: యంత్రం సలహా ఇవ్వచ్చు, ఆజ్ఞ మాత్రం మనిషి నోటి నుంచే రావాలి. అందుకని పడవ మీద రోజుని మూడేసి గంటల జాములుగా విడగొట్టి, జాముకొక పెద్దని పెట్టారు. చాప ఎప్పుడు దించాలో, చుక్కాని ఎటు తిప్పాలో ఆ మూడు గంటలూ జాముపెద్దదే మాట.

జాముపెద్ద లైసెన్సు కావాలంటే అండమాన్‌లో లాంగ్ ఐలాండ్ అనే దీవిలోని నావికా పాఠశాలలో వారం రోజుల ద్వీపయానం చెయ్యాలి. సూరాడ పైడిరత్నం ఆ కోర్సుకి రావడం ఇది మూడోసారి. రెండుసార్లు తప్పింది. మూడోసారి కూడా తప్పితే ఇక చేర్చుకోరు. ముప్ఫై ఆరేళ్ల మనిషి, భీమిలిలో చాపలు కుట్టే కర్మాగారంలో పనిచేస్తుంది. చాప కుట్టడం వచ్చినదానికి విప్పడం రాదా అని తోటివాళ్లు ఎగతాళి చేశారు. ఆమె నవ్వి ఊరుకుంది. ఎందుకు తప్పుతోందో చెప్తే అంతకన్నా ఎక్కువ నవ్వుతారు.

దానికి కారణం చెవిలో పెట్టుకునే ఒక పూస.

కాగితాల మీద దాని పేరు అనుభవవాహిని. జనం మాత్రం సరంగు పూస అంటారు. తెరచాపలు తిరిగొచ్చిన కొత్తలో ఆ విద్య తెలిసిన సరంగులు, అంటే పడవ నడిపే పెద్దలు, నలభైమందే మిగిలారు. వాళ్ల ఛాతీకి చిన్న రికార్డర్లు కట్టి ఏళ్ల తరబడి పడవల మీద తిప్పారు. గాలి ఎంత, అల ఎంత, తాడు మీద బరువు ఎంత, ఆ క్షణాన సరంగు ఏమన్నాడు, అన్నీ అందులోకెక్కాయి. ఇప్పుడు పూస పెట్టుకున్న జాముపెద్ద ఏదైనా తప్పు చేస్తే, అదే గాలిలో అదే తప్పుకి ఆ సరంగు ఏమని అరిచేవాడో, ఆ గొంతుతోనే చెవిలో అరుస్తుంది. వెంటనే కాదు. మనిషి తనంతట తాను దిద్దుకోవడానికి కొంత గడువిస్తుంది. ఆ గడువు ఆ సరంగు ఓపికని బట్టి ఉంటుంది. పాఠశాలలో నలభై పూసలున్నాయి. వాటిలో అన్నిటికన్నా తక్కువ ఓపిక దానయ్య సరంగుది, తొమ్మిది సెకన్లు.

ఏ పూస కావాలని అడిగితే పైడిరత్నం మూడుసార్లూ దానయ్య పూసే కోరుకుంది. దానయ్య ఆమె తండ్రి. చనిపోయి తొమ్మిదేళ్లయింది. భీమిలి తీరంలో ఏ పేటకెళ్లినా సూరాడవాళ్లు కనబడతారు గనుక పాఠశాలలో ఎవరూ పోల్చుకోలేదు.

ఈసారి పడవ పేరు నీటికాకి. రెండు నిలువు కొయ్యలు, మూడు చాపలు. మనుషులు తొమ్మిదిమంది: నలుగురేసి రెండు జట్లు, జట్టుకొక జాముపెద్ద అభ్యర్థి, అందరి మీదా శిక్షకుడు డాక్టర్ జిలానీ. ఈ పూసని కనిపెట్టింది కూడా ఆయనే. పైడిరత్నం జట్టుకి పొద్దున్న ఆరు నుంచి తొమ్మిది ఒక జాము, మధ్యాహ్నం మూడు నుంచి ఆరు ఇంకో జాము. చీకటి పడేసరికి ఏదో ఒక ద్వీపం చాటున లంగరు వేసేవారు.

మొదటిరోజు రేవు దాటగానే చాప తాడు కాస్త వదులు చెయ్యడం ఆమె మరిచిపోయింది. ఆ ఒక్కటీ నిజంగా మరిచిపోయిందే.

“ఒరే, ఏటలగ బిగించీసినావు? సాప సిరిగితే నీ సొక్కా కడతావేటి? వొగ్గీ, వొగ్గీ!”

ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి. తండ్రి పడవ మీద అందరూ మగవాళ్లే గనుక పూస ఆమెని కూడా ఒరే అనే పిలుస్తుంది. అదే ఆమెకిష్టం. ఇంట్లో ఆ పిలుపు అన్నకి మాత్రమే దక్కేది.

జాలరిపేటలో సరంగులకొక పద్ధతి ఉంది. తప్పుకి తిట్టు, ఒప్పుకి ఏమీ లేదు. పని సరిగ్గా జరిగితే సరంగు నోరు విప్పడు. దానయ్య ఇంట్లో కూడా సరంగే. కొడుకు అన్నీ వంకరగా చేసేవాడు, రోజంతా తిట్లు తినేవాడు. పైడిరత్నం వల చిక్కు తీసి పెట్టేది, తండ్రి వచ్చే వేళకి వేన్నీళ్లు కాచేది, ఎనిమిదేళ్లకే చిరిగిన చాపకి కనబడకుండా కుట్టు వేసేది. తండ్రి ఆ చాపని వెలుగుకి ఎత్తి చూసి, ఏమీ అనకుండా భుజాన వేసుకుని పోయేవాడు. తను అసలు ఆయన కంటికి ఆనుతోందా అని ఆ పిల్ల చాలా ఏళ్లు అనుమానపడింది. ఇప్పటికీ పడుతూనే ఉంది.

మూడో రోజుకి పూస మూగబోయింది. ఎంతైనా దానయ్య కూతురు. గాలి మారకముందే ఆమె మెడ మీద వెంట్రుకలకి తెలుస్తుంది. చేతులు వాటంతటవే సరైన తాడు మీదకి పోతాయి. తప్పు లేకపోతే తిట్టు లేదు. రెండు జాములు, ఆరు గంటలు, చెవిలో చప్పుడు లేదు. కిందటి రెండుసార్లూ ఇలాగే జరిగింది. అప్పుడు ఏం చేసిందో ఇప్పుడూ అదే చేసింది.

నాలుగో రోజు ముడి ఒకటి వదులుగా వేసి లోలోపల లెక్కపెట్టింది. ఏడు, ఎనిమిది, తొమ్మిది.

“ఒరే, అది ముడేటి? పీత కూడా ఇప్పీగలదు!”

ఆమె దిద్దింది. గంట ఆగి ఇంకొకటి చేసింది.

జట్టులో సుభాషిణి అనే ఆవిడ ఉంది. అరవై రెండేళ్లు, తెనాలిలో హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి రిటైరయింది, పడవ పని నేర్చుకోవడానికి వచ్చింది. తాళ్లన్నీ పొందిగ్గా చుట్టి, చుట్టిన ప్రతిసారీ తలెత్తి పైడిరత్నం వంక చూసేది. ఒకసారి ఉండబట్టలేక అడిగేసింది. “ఏమ్మాయ్, నన్నొక్క మాటా అనవేం? ముప్ఫై ఏళ్లు పిల్లల్ని కేకలేశాను. ఇప్పుడు నన్ను ఇదేంటని అడిగే దిక్కే లేకుండా పోయింది. నువ్వన్నా ఏదో ఒకటి అనవే.”

“మిమ్మల్ని అనడానికి ఏటుంది పంతులమ్మా,” అంది పైడిరత్నం. ఆమె ధ్యాసంతా చెవిలో ఉంది.

ఐదో రోజు మధ్యాహ్నం గాలి సరిగ్గా వెనక నుంచి వీస్తోంది. అలాంటప్పుడు పడవ తల కాస్త ఎక్కువ తిరిగితే చాలు, చాప అడుగున ఉండే అడ్డకొయ్య ఒక్కసారిగా ఇటునుంచి అటు కొట్టుకుపోతుంది. పైడిరత్నానికది బాగా తెలుసు. చుక్కాని పట్టుకున్న మనిషి పడవని కొంచెం కొంచెంగా తిప్పేస్తుంటే చూస్తూ ఊరుకుంది. చిన్న తప్పులకి తండ్రి గొంతు విసుగ్గా వస్తోంది. పెద్ద తప్పుకి నిండుగా వస్తుంది. లెక్క ఆరు దగ్గరుండగానే గాలి ఒక్క విసురు విసిరింది. అడ్డకొయ్య తిరిగింది. దాని తాడు సుభాషిణి ముంజేతిని ఒరుసుకుంటూ పోయింది.

“మనిసున్నాడ్రా అక్కడ! మనిసున్నాడు!” అని చెవిలో దానయ్య అరిచాడు. అది తిట్టు కాదు. అంత భయం ఆ గొంతులో ఆమె ఎన్నడూ వినలేదు.

ఎముక విరగలేదు. చర్మం లేచిపోయి చెయ్యి వాచింది. జిలానీ కట్టు కట్టి, లంగరు వేశాక పైడిరత్నాన్ని ముందుభాగానికి పిలిచాడు. సూర్యుడింకా అస్తమించలేదు.

“పొరపాటున తిరిగిందా, తిరగనిచ్చారా?”

ఆమె తల వంచుకుంది. “తిరగనిచ్చాను సార్. మా అయ్య గొంతది. ఇనాలని.”

జిలానీ చేతిలోని కంప్యూటర్ పలకని ఆమె వైపు తిప్పాడు. దాని మీద తప్పుల లెక్క గీత ఒకటి చూపించాడు. “ఇదిగో, ప్రతి బ్యాచ్‌లోనూ ఇంతే. మూడు రోజులు తప్పులు తగ్గుతాయి. నాలుగో రోజు నుంచి మళ్లీ పెరుగుతాయి. ఏ పూసైనా సరే. రెండేళ్లుగా యంత్రంలో లోపం ఎక్కడుందా అని వెతుకుతున్నాను. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది నా పని. కానీ మిగతావాళ్లెవరూ సరంగుల బిడ్డలు కారే?”

“బిడ్డలే అవ్వాలేటి సార్? నన్నొకరు కనిపెట్టుకునున్నారు అనుకుంటాం. ఆ గొంతు ఉన్నట్టుండి మూగబోతే ఎవులు ఓర్సుకుంటారు?”

ఆయన సముద్రం వైపు చూశాడు. పైడిరత్నం గొంతు తగ్గించి అడిగింది. “సార్, అందులో మెచ్చుకున్న మాట ఒక్కటైనా ఉందేటి? నన్నని కాదు. ఎవుల్నైనా.”

“పదకొండు వేల గంటలున్నాయి. ఆ మాట కోసం నేనూ వెతికాను. నలభైమందిలో ముప్ఫై తొమ్మిదిమంది ఎప్పుడో ఒకప్పుడు శభాష్ అన్నారు. మీ నాన్న ఒక్కసారి కూడా అనలేదు.” పలక చంకన పెట్టుకుని, “ఇంకొక్క తప్పు కావాలని చేస్తే మిమ్మల్ని మొదటి రేవులోనే దింపేస్తాను,” అన్నాడు.

ఆరో రోజు ఆమె తప్పు చెయ్యలేదు. చెవిలో ఆరు గంటల నిశ్శబ్దం.

ఏడో రోజు పొద్దున్నది ఆఖరి జాము. పగడపు దిబ్బల మధ్య నుంచి పడవని లాంగ్ ఐలాండ్ రేవుకి చేర్చాలి. చేరిస్తే లైసెన్సు వస్తుంది. లైసెన్సున్నవాళ్లకి పూస ఇవ్వరు. అంటే తండ్రి గొంతు ఇక ఎప్పటికీ లేదు. గెలిస్తే ఆయన లేడు, ఓడినా ఆయన లేడు. ఆ మాట తలచుకుంటే ఆమెకి ఏడుపొచ్చింది, కానీ కళ్లు నీళ్ల రంగు మీదే ఉంచింది. ఆకుపచ్చగా ఉన్నచోట లోతు తక్కువ. రెండు గంటలు పడవని ఒక్క గీత తేడా లేకుండా నడిపింది. దానయ్య పలకలేదు.

రేవు కనబడుతుండగా సుభాషిణి కట్టు కట్టిన చేత్తోనే ముందు చాప దించి, దాని తాడుని కుప్పగా నడిచే దారిలో వదిలేసింది. అలాంటి తాడులో కాలు పడితే మనిషి నేరుగా నీళ్లల్లోకే. ఆరు రోజుల్లో ఆవిడ అలా చెయ్యడం ఇదే మొదలు. వదిలేసి ఓరగా పైడిరత్నం వంక చూసింది.

ఆ చూపు పైడిరత్నానికి తెలుసు. నాలుగో రోజు నుంచి తను చూస్తున్న చూపే అది.

ఇప్పుడు తను నోరు మూసుకుంటే చాలు. తప్పు తనది కాదు, జిలానీ దింపెయ్యడు. తొమ్మిది సెకన్లాగితే తండ్రి పలుకుతాడు, ఆఖరిసారి. ఆమె లెక్కపెట్టింది. నాలుగు. ఐదు. సుభాషిణి ఇంకా చూస్తూనే ఉంది. ఆరు. అరవై రెండేళ్ల మనిషి, ఎవరైనా ఒక్క మాట అంటారేమోనని బడిపిల్లలా నిలబడింది. ఏడు.

“పంతులమ్మా,” అంది పైడిరత్నం, “ఆ తాడు తియ్యండి. కావాలనే వొగ్గీసినారు, నాకు తెలుసు. ఈ వారం రోజులూ మీరు సుట్టిన తాడు ఒక్కటీ ఇప్పి మళ్లీ సుట్టక్కర్లేకపోయింది. నేను సూత్తానే ఉన్నాను. సెప్పనేదంతే. బాగున్నాది.”

సుభాషిణి వంగి తాడు తీసింది. చుట్టింది, మళ్లీ విప్పి ఇంకోసారి చుట్టింది. ముఖం మాత్రం ఇటు తిప్పలేదు.

అప్పుడు పూసలో సన్నగా గంట మోగింది. పూసకి రెండో గొంతు ఒకటుంది, యంత్రానిది. తన భాండాగారంలో లేని తిట్టైనా మెచ్చుకోలైనా జాముపెద్ద నోట వినబడితే అది ఎవరిదో అడిగి రాసుకుంటుంది.

“‘బాగున్నాది’ అన్న మాట దానయ్య సరంగు మాటల్లో లేదు. మీ పేరున చేర్చమంటారా?”

పైడిరత్నం తల అడ్డంగా ఊపింది. “వొద్దు. మా అయ్య మాటే అది. ఆయన పేరునే రాసీ.”

“ఎప్పుడు పలకాలి?”

“తప్పు లేనప్పుడు.”

యంత్రానికి అబద్ధం తెలియదు, ఇక ఆ మాట దానయ్య గొంతుతో పలికేలా రాసుకుంది. అది పలికేలోగా ఆమె పూస తీసి జిలానీ చేతిలో పెట్టేసింది. వింటే అది తన మాటేనని తెలిసిపోతుందని భయం. ఆ సంభాషణంతా జిలానీ పలక మీద కనబడుతూనే ఉంది. చెరిపెయ్యడానికి వేలెత్తాడు. ఎత్తిన వేలితో గడ్డం గోక్కున్నాడు. పడవ రేవుకి తగిలింది.

మరుసటి ఏడాదికి పైడిరత్నం ఉల్లిపాయల పడవ మీద జాముపెద్ద. పోర్ట్ బ్లెయిర్ రేవులో బస్తాలు దింపుతుంటే నడివయసు మనిషొకాయన వెతుక్కుంటూ వచ్చాడు. మెడలో కొత్త లైసెన్సు బిళ్ల ఉంది. మాట గోదావరి వైపుది.

“దానయ్య సరంగు గారి అమ్మాయి మీరేనటండీ? జిలానీ గారు చెప్పారండి. మాకు ఆయన పూసే ఇచ్చారండి. ఇప్పుడు అందరూ ఆ పూసే కావాలంటున్నారు. మా బ్యాచ్‌లో ఒక్కళ్లూ తప్పలేదండి.” ఆయన కాస్త సిగ్గుపడ్డాడు. “మీ నాన్నగారు నన్ను మెచ్చుకున్నారండి. నాలుగో రోజు, ఈదురుగాలిలో చాప దించాక. బాగున్నాది అన్నారు. ఇంటికెళ్లి మా ఆవిడక్కూడా చెప్పుకున్నానండి.”

ఆ మాట ఎవరిదో పైడిరత్నానికి తెలుసు. ఎవరి పేరున రాయాలో, ఎప్పుడు పలకాలో చెప్పింది తనే. అయినా ఉక్రోషం వచ్చింది. ముక్కూ మొహం తెలియని మనిషిని మెచ్చుకున్నాడు, నన్ను ఒక్కనాడూ అనలేదే అనిపించింది. ఆమె భుజం మీది బస్తా దించి, చేతులు చీరకి తుడుచుకుని ఆయన దగ్గరగా వచ్చింది.

“ఎలగన్నాడు?” అని అడిగింది.